మామగారి నిద్ర

కుక్కర్ కూత వెయ్యకముందే స్టవ్ కట్టేయడం ఆ ఇంటి కోడలికి అలవాటైపోయింది. కూత వినబడితే ముందుగదిలో పడుకున్న మామగారు మంచం మీంచి కిందికి దూకేస్తారు. ఆయన సైన్యం వదిలి ఎన్నేళ్ళో అయింది. నిద్ర మాత్రం ఇంకా సరిహద్దు నుంచి ఇంటికి రాలేదు.

"సాయంత్రం మాజీ సైనికులకి సన్మానం. నాన్న బట్టలు ఇస్త్రీ చేసి పెట్టు," అన్నాడు భర్త గుండీలు పెట్టుకుంటూ.

ఆమె గాజులు వెనక్కి తోసి మణికట్టు చూపించింది. వేళ్ళ ముద్రలు కమిలి ఉన్నాయి. "మొన్న కాఫీకి లేపుదామని భుజం తట్టాను. దీనికేం సన్మానం చేస్తారు?"

"తట్టొద్దని చెప్పాను కదా!"

"నాకు చెప్పారు. పాకే పిల్లకి ఎవరు చెప్తారు? సోమవారం నుంచి నేను ఆఫీసుకెళ్తే అది ఆయన దగ్గరే ఉండాలి. ఆ చేతికి దాని మెడ దొరికితే?" ఆమె చాప మీద ఆడుకుంటున్న పాపను చూపించింది. "ఆయన్ని సైనికుల ఆశ్రమంలో చేర్చండి. లేదంటే నేనూ పాపా మా అమ్మ దగ్గరికి పోతాం."

"ఇంట్లో సైనికుడు ఆయనొక్కరే అనుకున్నాను. నువ్వూ యుద్ధానికే దిగావే!" నవ్వబోయి మానుకున్నాడు. "మెల్లగా. నాన్న వింటారు."

"విననివ్వండి!"

ఆ తర్వాత ఇల్లు నిశ్శబ్దమైపోయింది. అది చంటిపిల్ల ఉన్న ఇంటి నిశ్శబ్దంలా లేదు. ఆమె చాపవైపు చూసింది. బొమ్మలున్నాయి, పాప లేదు. ముందుగది తలుపు ఓరగా తెరిచి ఉంది.

పై ప్రాణాలు పైనే పోయాయి. పరుగెత్తింది గానీ గుమ్మంలోనే ఆగిపోయింది.

పాప మంచం పట్టుకుని నిలబడి తాతయ్య మీసం లాగుతోంది. కళ్ళు మూసుకునే ఆయన పళ్ళు కొరికారు. చేతులు ఒక్కసారి గుంజుకున్నాయి. కానీ పైకి లేవలేదు. రెండు మణికట్లూ తువ్వాళ్ళతో మంచానికి కట్టేసి ఉన్నాయి.

కళ్ళు తెరిచి పాపను చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. "తీసుకో అమ్మా! త్వరగా తీసుకో!"

ఆమె బిడ్డను లాక్కుని గుండెలకు హత్తుకుంది. "ఎవరు కట్టారు మామయ్యా?"

"నేనే. ఒకటి చేత్తో, రెండోది పళ్ళతో. నీ చెయ్యి కమిలిన రోజు నుంచీ." ఆయన చూపు తిప్పుకున్నారు. "నీ మాటలు మగతలోనే విన్నాను. ఆశ్రమానికి వెళ్తానమ్మా. నీ భయమే నాదీ."

"నాకొక్క మాట చెప్పొచ్చుగా నాన్నా!" అన్నాడు వెనకనుంచి కొడుకు.

"ఏం చెప్పనురా? ఊరంతా చప్పట్లు కొట్టే మనిషి, మనవరాలికి భయపడుతున్నాడనా?"

కోడలు పాపను భర్త చేతికిచ్చి ముళ్ళు విప్పసాగింది. చెమటకు తడిసి అవి ఓ పట్టాన రాలేదు. "అత్తయ్య ఎలా లేపేవారు?"

"గుమ్మం దాటేది కాదు. 'నేనే, మీరు ఇంట్లో ఉన్నారు' అనేది. అది పోయాక ఆ మాట అనేవాళ్ళు లేరు."

పాప లోపలికి పోకుండా భర్త తలుపుకి పైన గొళ్ళెం బిగించాడు. మధ్యాహ్నం మామగారు కట్లు లేకుండా నడుం వాల్చారు. కాసేపటికే పిడికిళ్ళు బిగిశాయి, పెదవులు ఎవరినో పిలుస్తున్నాయి. ఆమెకు పారిపోవాలనిపించినా గుమ్మంలోనే నిలబడింది.

"నేనే మామయ్యా. మీరు ఇంట్లో ఉన్నారు."

పిడికిళ్ళు మెల్లగా వీడాయి. కళ్ళు తెరవకుండానే ఆయన అడిగారు, "అందరూ తిరిగొచ్చారా?"

సరిహద్దు నుంచి తిరిగి రానివాళ్ళ పేర్లు ఆ ఇంట్లో ఎవరూ ఏనాడూ అడగలేదు. ఆమెకు కన్నీళ్ళు ఆగలేదు.

"మీరు లేచాక వాళ్ళందరి గురించీ నాకు చెప్పాలి మామయ్యా," అంది.

"ఊఁ," అని ఆయన పక్కకి తిరిగి పడుకున్నారు.