ఆడబిడ్డ సంతకం

“వెట్టనన్నదమ్మా! కాగితం చేతుల గూడ వట్టలే!”

దళారి కాశయ్య ఆ మాట అనేసి, అరుగు మీద చతికిలబడి తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. చాయ్ తెస్తున్న పుష్పలత కప్పును అరుగు మీద పెట్టేసింది... కందకుర్తిలో ఉన్న ఆడబిడ్డ త్రివేణి సంతకం పెట్టనన్నది! ఆ ఒక్క సంతకం లేకపోతే బోధన్‌లో ఉన్న ఈ ఇల్లు అమ్ముడుపోదు. ఇది అమ్ముడుపోకపోతే నిజామాబాద్‌లో మాట్లాడుకున్న ఇల్లు చేతికి రాదు. అది రాకపోతే వచ్చే శుక్రవారంతో గడువు దాటి, అడ్వాన్సుగా ఇచ్చిన బయానా గంగలో కలిసినట్టే! ఆ బయానా ఎక్కడిది? నందిపేట్‌లో కన్నతండ్రి తన పేరున రాసిచ్చిన జాగా అమ్మగా వచ్చింది. పుష్పలతకు ఈ లోకంలో తన పేరుతో ఉన్న ఆస్తి అదొక్కటే. అందుకే కొత్త ఇల్లు ఆమె పేరు మీదే రాయిస్తానని భర్త దేవిదాస్ మాటిచ్చాడు.

“వాటా గావాల్నంటదా?” దేవిదాస్ గొంతు లేచింది. “బాపు పోయినప్పుడు అడగలే, ఇప్పుడు మంచి ధర పలికిందని అడుగుతుందా?”

“వాటా గీటా అనలే సేటు. ‘మా అన్నకు కాళ్లు లెవ్వా’ అన్నది. తలుపేసుకున్నది. గంతే.”

“అయ్యో దేవుడా!” లోపలి నుంచి వచ్చిన అత్త రుక్మాబాయి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నాకున్నది ఇద్దరే పిల్లలు. గా ఇద్దరు గోడల కోసం కొట్లాడుకునుడు సూసుటానికా నేనింకా బతికున్నది!”

పుష్పలత ఏడవలేదు. ఏడవాలనిపించినా, ముందు లెక్క చూసుకోవడం ఆమెకు అలవాటు. దేవిదాస్‌ది నిజామాబాద్ మార్కెట్ యార్డు దగ్గర గోనెసంచుల వ్యాపారం. పసుపు రైతు పంట తెచ్చే కాలంలో పొద్దున బస్సెక్కితే దీపాలు పెట్టాక గాని ఇల్లు చేరడు. అక్కడే ఇల్లుంటే మనిషి రెండు పూటలా వేడి అన్నం తింటాడు. ఇది అతని లెక్క. పుష్పలత లెక్క వేరు. కాపురానికి వచ్చిన నాటి నుంచి ఈ ఇంటిని అందరూ “బాపు ఇల్లు” అన్నారు, తర్వాత “దేవిదాస్ ఇల్లు” అన్నారు. దాన్ని ఇన్నేళ్లు నిలబెట్టింది మాత్రం ఆమె!

అవి డంగు సున్నపు గోడలు. ఆ రోజుల్లో ఈ చెరుకు సీమలో సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ నీళ్లు కలిపి గానుగ ఆడించి కట్టేవారు. అటువంటి గోడకు ఊపిరాడాలి. దాని మీద సిమెంటు పూస్తే లోపలి తడి బయటికి రాలేక గోడ ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. బోధన్‌లో అలా పాడుచేసుకున్న ఇళ్లను ఆమె కళ్లారా చూసింది. ఇల్లు బేరానికి పెట్టగానే, “సిమెంటు గొట్టిచ్చి రంగేద్దాం, కొత్తగ కనవడ్తది” అని దేవిదాస్ అన్నప్పుడు ఆమె ఒప్పుకోలేదు. రాలిన చోట సున్నంతోనే అతుకు వేయించి, తెల్లసున్నం కొట్టించింది. కొనేందుకు వచ్చిన నర్సింలు గోడకు అరచెయ్యి ఆనించి చూసి, పొడిగా ఉందని మెచ్చుకున్నాడు. తాతల నాటి దస్తావేజు, ఇంటి పన్ను రసీదులు, ఇంటి మీద అప్పుల్లేవని చూపే ఈసీ అన్నీ వరుసగా పెట్టి ఉంచింది పుష్పలత. అయినా నర్సింలు వకీలు ఒకటే మాటన్నాడు: ఇల్లు చనిపోయిన మామగారి పేరున ఉంది కనుక భార్య, కొడుకు, కూతురు ముగ్గురూ సంతకం చేయాలి.

వకీలు చెప్పింది న్యాయం. మరి ఆ న్యాయాన్ని కాశయ్య సంచిలో పెట్టి పంపిందెవరు?

“నేను పోయొస్త కందకుర్తికి,” అన్నది పుష్పలత.

“నువ్వెందుకు? అది నా చెల్లె!”

“చెల్లె అని మీకిప్పుడు యాదికొచ్చిందా?”

దేవిదాస్ చెప్పులు వేసుకుని బయటికి నడిచాడు.

*

శ్రావణం ముసురు. కందకుర్తిలో బస్సు దిగేసరికి గోదారి గాలి చీరకొంగును లాగేస్తోంది. త్రివేణి వసారాలో నిలబడి, గోడ మీద తెల్లగా పొంగిన ఉప్పును చీపురుతో దులుపుతోంది. వదినను చూసింది గాని చీపురు ఆపలేదు.

“రా వదినె. సంచిల ఏమున్నది? కాగితమేనా?”

“జామపండ్లున్నయి.”

“పెన్ను?”

“లేదు తల్లీ. కావాల్నంటే సంచి దులిపి సూపిస్త.”

త్రివేణి పెదవి కొసకు నవ్వు వచ్చి వెనక్కి పోయింది. పీట వేసింది, నీళ్లిచ్చింది. ఆ తర్వాత ఒక్కసారిగా విరుచుకుపడింది...

“ఒక దళారి మనిషి నా ఇంటికొచ్చి, ‘అమ్మా ఇక్కడొకటి, ఇక్కడొకటి’ అని ఏలు వెట్టి సూపిస్తడా వదినె? నేను గోనెసంచినా, అచ్చు గుద్ది పంపుటానికి? నేను పుట్టిన ఇల్లు! గా నడిమర్ర గచ్చు మీద పాకిన, గా గడప మీద గూసోని జడ అల్లిచ్చుకున్న. అమ్ముతున్నమని మా అన్న ఫోన్ల గూడ ఒక్క మాట జెప్పలే. ఊరోళ్లు జెప్తె ఇన్న!”

“తప్పే త్రివేణీ...”

“గది ఇడిసిపెట్టు. గిది ఏ ఏడు? నీకు యాదున్నదా?”

పుష్పలత వేళ్ల మీద ఏళ్లు లెక్కపెట్టింది. ఐదేళ్లకోసారి పుట్టింటివాళ్లు ఆడపిల్లను పిలిచి, కొత్త చీర పెట్టి, పసుపు కలిపిన బియ్యం ఆమె ఒడిలో పోసి సాగనంపాలి. అదే ఒడిబియ్యం. కిందటి ఒడిబియ్యానికి ఈ శ్రావణంతో ఐదేళ్లు నిండుతున్నాయి. పిలవాల్సింది అన్న. పోయాల్సింది వదిన! దస్తావేజులు వెతికింది, రసీదులు వెతికింది, గోడలకు సున్నం కొట్టించింది... ఒడిబియ్యం ఏడు వచ్చిందన్న సంగతి మాత్రం ఆమెకు తట్టలేదు. పిలుపు వెళ్లాల్సిన ఇంటికి కాగితం వెళ్లింది!

“మా అత్త రోజు అడుగుతది వదినె, ‘మీ అన్న ఇంకా పిలువలేదా?’ అని. ఏమని జెప్పాలె? నాకు ఒడిబియ్యం పోసుడు దప్పిచ్చుకునుటానికే ఇల్లమ్ముతున్నడని జెప్పాల్నా?”

త్రివేణి కొంగులో ముఖం దాచుకుని వెక్కివెక్కి ఏడ్చింది. ఇంటి దగ్గర ఆపుకున్న కన్నీళ్లు పుష్పలతకు ఇక్కడ ఆగలేదు. ఇద్దరూ ఒకరి భుజం ఒకరు పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చున్నారు. చివరికి త్రివేణే ముక్కు తుడుచుకుని, జామపండు కొరికి, “పుల్లగున్నది. ఎంతకిచ్చిండు?” అన్నది. పుష్పలతకు ప్రాణం లేచొచ్చింది. ధర అడిగిందంటే కోపం సగం దిగినట్టే!

“గురువారం ఒడిబియ్యం పోస్త. మీ అన్నే అచ్చి పిలుస్తడు. సంతకం సంగతి నేనెత్తను.”

“నువ్వెత్తకున్నా నేనెత్తుత. నా వాటా సంగతేంది?”

పుష్పలత తడబడింది. “వాటా వద్దనుకున్నవేమోనని...”

“ఎవరన్నరు? సంతకం వెట్టనన్న గని, వాటా వద్దన్ననా? రెండూ ఏరు వదినె! బాపు నాకు గూడ బాపే. ఈ గోడలు సూసినవా? గోదారి పక్కకున్న పాపానికి ఏటా ఉప్పు కక్కుతయి. వాటా అస్తె పునాదికి మందేయించి, వసార మంచిగ జేసుకుంట.”

న్యాయమైన మాట. కానీ వాటా ఇస్తే కొత్త ఇంటికి డబ్బు చాలదు! పుష్పలత మనసులో తక్కెడ అటూ ఇటూ ఊగింది. ఒక పళ్లెంలో తన పేరు, రెండో పళ్లెంలో ఈ పిల్ల మొహం. ఆమె నెమ్మదిగా అన్నది:

“అయితే ఒక పని జేద్దాం. నీ వాటా కొత్తింట్లనే వుండనియ్యి. నా పేరు పక్కన నీ పేరు గూడ రాయిస్త. ఇద్దరిది అయితది.”

తండ్రి ఇచ్చిన జాగా, తన ఒక్కదాని పేరు... అయినా అన్నది.

త్రివేణి ఆమె కళ్లలోకి చూసింది. ఆ చూపులో ఇప్పుడు కోపం లేదు.

“నీ మనసు పెద్దదే గని, తెలివి జర తక్కువున్నది వదినె. రెండు పేర్లుంటే రేపు అమ్మేటప్పుడు రెండు సంతకాలు గావాలె. మళ్ల గిదే లొల్లి, మళ్ల గిదే కాశయ్య! నాకొద్దమ్మా. నీ ఒక్కదాని పేరు మీదనే వెట్టుకో. ముందుగాల గా ఇల్లు నాకు సూపియ్యి. ఎంత వెట్టి కొంటున్నరో, ఎందుకు వెడ్తున్నరో నేను సూడాలె.”

*

మరునాడు నిజామాబాద్‌లో వాన పడుతూనే ఉంది. “గీ వానల ఇల్లు ఏం సూస్తరు?” అని దేవిదాస్ గొణిగాడు.

“ఎండల సూస్తె ఏం దెలుస్తదన్నా?” అన్నది త్రివేణి. ‘అన్నా’ అని పిలిచినందుకే దేవిదాస్ కరిగిపోయాడు. ఆ పొద్దున్నే అతను కందకుర్తి వెళ్లి, ఆమె గుమ్మంలో నిలబడి, “చెల్లె, ఒడిబియ్యానికి రావాలె, నాదే తప్పు” అని పిలిచి మరీ తీసుకొచ్చాడు.

ఇల్లు అమ్ముతున్న రామస్వామి నవ్వుతూ తలుపు తీశాడు. ఇంతకు ముందు రెండుసార్లు వచ్చినప్పుడు పుష్పలత వంటగది గూళ్లు చూసి, కిటికీలో పడే వెలుతురు చూసి మురిసిపోయింది. త్రివేణి వంటగది వైపు పోనే లేదు. గది గదిలో గోడలు చూసుకుంటూ వచ్చి, నడిమి గదిలో ఆగింది.

“రంగు మంచిగున్నదన్నా. ఎప్పుడేయించిండ్రు?”

“మొన్న పండుగకమ్మా.”

“పండుగ గీ ఒక్క గోడకే అచ్చిందా?”

రామస్వామి నవ్వు ఆగింది. నిజమే! తక్కిన గోడలన్నీ మాసి ఉన్నాయి, ఆ ఒక్క గోడే కొత్తగా మెరుస్తోంది. త్రివేణి వేలిముడితో కొట్టింది. పక్క గోడ టకటకమన్నది, ఇది డొల్లగా పలికింది. అరచెయ్యి ఆనించి, ఆ చేతిని పుష్పలత చెంపకు తాకించింది. చల్లగా, తడిగా! గోడకు అవతల స్నానాలగది. గోడలో పైపు కారుతోంది. మేడ మీదికి వెళ్లి చూస్తే నీళ్లు తూము వైపు పోకుండా వెనక మూలన నిలిచిపోయి ఉన్నాయి.

“అన్నా, ఇల్లు మంచిదే. జాగ మంచిది, గాలి అస్తది, కాగితాలు సక్కగున్నయని మా వదినె జెప్పింది,” అన్నది త్రివేణి మేడ దిగుతూ, రామస్వామితో. “గని గీ పైపు దీసి కొత్తది వెయ్యాలె, స్లాబు మీద వాలు మళ్ల పొయ్యాలె. మీరు జేయించి ఇస్తరా, ధరల దీసేస్తరా? మేము బయానా ఇడిసి పోయేటోళ్లం గాదు, మీరు మంచి గిరాకీని పోగొట్టుకునేటోళ్లు గాదు.”

రామస్వామి గడ్డం గోక్కున్నాడు. “వాన గదమ్మా, వానల ఏ ఇల్లయినా...”

“వాన పైకెళ్లి అస్తది అన్నా, గోడలకెళ్లి రాదు గదా!”

గంటసేపు చర్చ జరిగింది. రామస్వామి భార్య చాయ్ రెండోసారి పెట్టింది. చివరికి ఆయన తగ్గిన ధరకు ఒప్పుకున్నాడు. తగ్గించిన దాంట్లో మేస్త్రీకయ్యే ఖర్చు పోను, మిగిలింది త్రివేణి వాటాలో సగానికి దగ్గరగా వచ్చింది. తక్కిన సగం పసుపు సీజన్‌లో సంచులు అమ్ముడుపోయాక ఇస్తానని దేవిదాస్ అన్నాడు.

“మాట మీద వద్దు, అగ్రిమెంటుల రాయిద్దాం,” అన్నది పుష్పలత.

“గిప్పుడు తెలివి పెరిగింది!” అని త్రివేణి ఆమె నడుం గిల్లింది.

*

గురువారం బోధన్ ఇంట్లో నడిమర్రలో, ఇంటి మధ్య గదిలో, ముగ్గు వేశారు. రుక్మాబాయి పనులన్నీ తానే చేయాలని చూసి, ఏ పనీ పూర్తి చేయలేక, కూతురు కొత్త చీర కట్టుకుని పీట మీద కూర్చోగానే కళ్లొత్తుకుంది. ముత్తైదువలు ఐదుగురు చుట్టూ కూర్చున్నారు. పుష్పలత దోసిళ్లతో పసుపు బియ్యం తీసి ఆడబిడ్డ ఒడిలో పోసింది. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, వక్కలు, రవిక గుడ్డ... ఒడి నిండింది. త్రివేణి రెండు చేతులతో కొంగు కూడదీసి పట్టుకుని గడప దగ్గరికి వచ్చింది. అక్కడ ఆగిపోయింది. ఈ గడప మీద ఇక ఒడిబియ్యం లేదు. అందరికీ తెలుసు.

గడప మీద కూర్చుని ఆమె కాసేపు గోడల వంక చూసింది.

“కాశయ్య ఏడున్నడు? గా కాగితం దెమ్మను.”

కాశయ్య బయట అరుగు మీదే ఉన్నాడు. కాగితం తెచ్చాడు, పెన్ను తెచ్చాడు. త్రివేణి రెండు చేతులూ ఒడి పట్టుకునే ఉన్నాయి. ఒక చెయ్యి వదిలితే బియ్యం నేల పాలవుతాయి!

“తరువాత వెడుదువు బిడ్డా, ముందు ఒడి మూటగట్టుకో,” అన్నది రుక్మాబాయి.

“గిప్పుడే వెడ్త అవ్వా. నిండు ఒడి తోని వెడ్త. వదినె, జర పట్టుకో.”

పుష్పలత ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆ నిండు ఒడిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. బియ్యం బరువు, ఆడబిడ్డ ఒంటి వెచ్చదనం రెండూ చేతులకు తగిలాయి. త్రివేణి కుడిచేయి విడిపించుకుని, ఎవరూ వేలు పెట్టి చూపించకుండానే, కాగితం మీద ఎక్కడెక్కడ పెట్టాలో అక్కడ సంతకం చేసింది. దేవిదాస్ మొహం పక్కకు తిప్పుకున్నాడు.

పోసిన ఒడిబియ్యంలోంచి ఐదు పిడికిళ్లు తిరిగి పుట్టింట్లో ఉంచి వెళ్లడం ఆచారం. పుట్టిల్లు ఖాళీ కావద్దని. రుక్మాబాయి చేట తెచ్చి గడప దగ్గర పెట్టింది. త్రివేణి పిడికిలి నింపి, చేట వైపు చాచి, ఆగింది. చేట పక్కకు జరిపింది.

“వదినె, కొంగు పట్టు.”

పుష్పలత తెల్లబోయి కొంగు పట్టింది. ఒకటి, రెండు, మూడు... ఐదు పిడికిళ్లూ అందులో పడ్డాయి.

“గివి గీ ఇంట్ల ఇడిసిపెట్టేటివి గావు,” అన్నది త్రివేణి. “తీస్కపోయి నీ ఇంట్ల పోసుకో.”

నీ ఇంట్ల!

కాపురానికొచ్చాక ఆ మాట ఆమెతో ఎవరూ అనలేదు. పుష్పలత కొంగు ముడి వేసుకుంది. ఆ ముడిని కొత్త ఇంట్లో పొయ్యి పక్కన బియ్యం డబ్బా మీద విప్పేదాకా ఆమె దాన్ని ఇంకెవరి చేతికీ ఇవ్వలేదు.