ఆ మచ్చలతో లోపలికి రావద్దు!

'పిల్లి' అని పేరుపడ్డ దొంగ గోడ దూకాడు!

వెనక ఈల... బూట్ల చప్పుడు... ఎస్సై వదిలేలా లేడు. జేబులో అప్పుడే తెంపిన గొలుసు. ఎదురుగా తెరిచున్న వంటింటి తలుపు.

దూరాడు. గడియ పెట్టాడు. కత్తి తీశాడు.

స్టవ్ దగ్గరున్న ఆవిడ చేతిలోంచి గరిటె జారిపోయింది.

"అరవకు! ఇంకో దారుందా?"

"హాల్లోంచి... వీధిలోకి. బాబూ, నన్నేం చెయ్యకు. మూడో నెల నాకు!"

కిటికీ అవతల ఎస్సై.

"ఒరేయ్ పిల్లీ! తలుపు తియ్యరా, పాలు పోస్తాను!"

బల్బు వెలుగు ఆ మొహం మీద పడింది.

పిల్లి మళ్ళీ చూశాడు. బుగ్గలు, మెడ... సన్నటి ఎర్ర మచ్చలు!

"సార్... జ్వరమా?"

"అవున్రా. సెలవు నువ్విస్తావా?"

అప్పట్లో పిల్లికీ ఇవే మచ్చలు. చెమటకాయలే అనుకున్నాడు. కడుపుతో ఉన్న పెళ్ళాం పక్కనే పడుకున్నాడు.

పాప పుట్టింది... రెండు కళ్ళలో తెల్లటి పొర. గుండెకు చిల్లు.

"రుబెల్లా. మీ మచ్చల జ్వరమే ఆమెకు అంటుకుంది," అంది డాక్టరమ్మ. "కడుపు రాకముందే మీ ఆవిడకి టీకా వేయించి ఉండాల్సింది."

ఒక్క సూది! ఒక్కడూ చెప్పి చావలేదు. తనూ అడిగి చావలేదు. ఇప్పుడు నాన్న పిలిస్తే పాప గోడవైపు తిరిగి నవ్వుతుంది.

"అక్కా! రుబెల్లా టీకా వేయించుకున్నావా?"

"తె... తెలీదు."

వీధి తలుపు బార్లా తెరిచుంది. ఒక్క ఉరుకు... దొరకడు!

ఎస్సై తన్నులకి వంటింటి గడియ ఊడిపడింది.

పిల్లి ఉరకలేదు. ఆవిడను పడకగదిలోకి నెట్టాడు. బయట గొళ్ళెం వేశాడు. తలుపుకి వీపు ఆనించి నిలబడ్డాడు.

"రావద్దు సార్! ఆమెకు దూరంగా ఉండండి!"

"కత్తి పడెయ్!"

"మీరు బయటికెళ్ళండి, పడేస్తా! మీ జ్వరం ఆమెకు అంటుకుంటే లోపలి బిడ్డ నాశనం సార్! మా పాపని నేనే..."

ఎస్సైకి కత్తి తప్ప ఇంకేం కనిపించలేదు.

ఢాం!

తొడలో నిప్పు. పిల్లి కూలబడ్డాడు.

ఎస్సై అతన్ని దాటి గొళ్ళెం లాగాడు.

"భయపడకమ్మా. వచ్చేశాను."

పిల్లి ఆ బూటు పట్టుకున్నాడు. జారిపోయింది. ఈ బిడ్డని కూడా... ఈ బిడ్డని కూడా ఆపలేకపోయాను...

ఠక్!

లోపలి నుంచి గడియ పడింది.

"రావద్దు సార్!" ఆవిడ గొంతు వణుకుతోంది, తలుపు మాత్రం కదల్లేదు. "డాక్టర్ వచ్చి చెప్పేదాకా తియ్యను. ముందు ఆ తమ్ముడికి అంబులెన్స్ పిలవండి!"