మూడో కాపీ

మంగళవారం పొద్దున ఏడూ నలభైకి స్టుట్‌గార్ట్‌లోని ఒక ఎస్-బాన్ స్టేషన్లో రాకేష్ రైలు కింద పడ్డాడు. పడ్డాడనే పోలీసులు రాసుకున్నారు. వాన, జారుడు నేల, ఆఫీసుల వేళ కిక్కిరిసిన ప్లాట్‌ఫారం. కారణాలకేం కొదవ లేదు. బూడిద రంగు కోటు వేసుకున్న ఒకడు అతని వీపు మీద చెయ్యి వేశాడని ఒక ముసలావిడ చెప్పింది. ఆవిడ కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చిందని తేలాక ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు.

పడడానికి నాలుగు నిమిషాల ముందు అతను ఒక వాయిస్ మెసేజ్ పంపాడు.

"రేయ్ భార్గవ్, బ్రిడ్జ్‌లో మూడో కాపీ ఉందిరా. నేను రాసింది కాదు, తర్వాత ఎవరో కలిపారు. పైవాళ్ళకి చెప్పాను, వినలేదు. గిరిజకీ తెలుసు. ముందు తనని..."

మిగతాది రైలు చప్పుడు.

ఆ మెసేజ్‌ని భార్గవ్ ఎన్నిసార్లు విన్నాడో లెక్క లేదు. రాకేష్, తనూ ఆకెన్‌లో ఒకే గదిలో ఉండి ఎం.ఎస్. చేశారు. తర్వాత రాకేష్ నోర్డ్‌వెగ్ బ్రౌజర్ కంపెనీలో ఇంజనీరయ్యాడు, గిరిజను పెళ్ళి చేసుకున్నాడు. భార్గవ్ పైకి ఐటీ కన్సల్టెంట్, బ్లూ కార్డ్ అనే వర్క్ పర్మిట్ ఉన్నవాడు. లోపల భారత ప్రభుత్వ గూఢచారి. ఈ రెండో ఉద్యోగం సంగతి తెలిసిన ఒకే ఒక్క స్నేహితుడు ఇప్పుడు స్టుట్‌గార్ట్ మార్చురీలో ఉన్నాడు.

* * *

గురువారం మధ్యాహ్నం బ్రీఫింగ్. స్థలం: ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఒక ఇండియన్ షాపు వెనక స్టోర్ రూమ్. సోనా మసూరి బస్తాల మీద కూర్చున్నాడు చీఫ్ గంగాధరరావు. కాగితాల మీద ఆయన బియ్యం దిగుమతి వ్యాపారి.

"బ్రిడ్జ్ అంటే ఏమిటి? నాకు అర్థమయ్యేలా చెప్పు."

"నోర్డ్‌వెగ్ బ్రౌజర్ వాడాలంటే ఇన్నాళ్ళూ నోర్డ్‌వెగ్ అకౌంటే ఉండాలి సార్. పాస్‌వర్డులు, అడ్రసులు, బుక్‌మార్కులు అన్నీ అందులోనే. పోటీ కంపెనీ ఆర్బిస్‌ది కూడా ఇదే వరస. ఇటువాళ్ళు అటు వెళ్ళాలంటే కట్టుబట్టలతో వెళ్ళాల్సిందే. రాకేష్ కట్టిన బ్రిడ్జ్‌తో ఆర్బిస్ అకౌంట్‌ని కూడా నోర్డ్‌వెగ్ బ్రౌజర్‌లో సింక్ చేసుకోవచ్చు."

"శత్రువు అకౌంట్‌కి మన ఇంట్లో చోటివ్వడం. మంచిదేనంటావా?"

"ఇల్లు మారేవాడు తన సామాను తను తీసుకెళ్ళాలిగా సార్. రెండేళ్ళు కొట్లాడి సాధించాడు రాకేష్. కాకపోతే సామాను మోసేవాడు మధ్యలో తాళాలకి అచ్చులు తీసుకుంటున్నాడు. ఒక కాపీ నోర్డ్‌వెగ్‌కి, ఒకటి ఆర్బిస్‌కి, మూడోది బయటికి."

"వింటర్ గ్రూప్‌కి," అన్నాడు గంగాధరరావు. ఆ పేరు పలికేటప్పుడు ఆయన మొహం చేదు మింగినట్టయింది. "ఐదు దేశాల్లో మనుషులున్నారు. ఎవరు ఎక్కడ దాక్కున్నారో కనిపెట్టి, అడిగినవాడికి ఆ చిరునామా అమ్మడం వాళ్ళ వృత్తి. పారిపోయిన జర్నలిస్టులు, సాక్షులు, మనవాళ్ళు. రేపు పదకొండు గంటలకి ఆ బ్రిడ్జ్ తెరుచుకుంటే నాలుగు కోట్ల మంది చిరునామాలు వాళ్ళ చేతిలో పడతాయి."

"జర్మన్ పోలీసులు?"

"సైబర్ విభాగంలో ఫ్రావ్ కెస్లర్ ఉంది. మంచి మనిషి. రుజువు లేకుండా కంపెనీలో కాలు పెట్టలేనంటోంది. రాకేష్ లాప్‌టాప్ మాయం. ఇక మిగిలిన రుజువు గిరిజ ఒక్కతే. ఆ కోడ్ పరీక్షించింది తనే." ఆయన గొంతు తగ్గించాడు. "ఎక్కడుంచావు?"

"మీక్కూడా చెప్పను సార్."

గంగాధరరావు కోప్పడలేదు. తృప్తిగా తలూపాడు.

రాకేష్ భార్య గిరిజ ఆకెన్‌లో ఉంది. పూజిత అనే మాస్టర్స్ చదివే అమ్మాయి మరో ముగ్గురితో కలిసి ఉంటున్న ఫ్లాట్‌లో, వంటింటి పక్క గదిలో. ఆ అడ్రస్ భార్గవ్ ఎక్కడా రాసుకోలేదు. కాగితం మీద లేని రహస్యానికి ఢోకా లేదని అతని ధీమా.

* * *

ఆ సాయంత్రం మైన్ నది ఒడ్డున ఒక కెఫేలో మనోజ్ఞను కలిశాడు. నోర్డ్‌వెగ్‌లో బ్రిడ్జ్ ప్రాజెక్టు హెడ్. ఎర్ర కోటు, పొట్టి జుట్టు, ఎవరు చూసినా ఇంకోసారి చూసే మనిషి. ఏడాదిగా కంపెనీ లోపల భార్గవ్‌కి కళ్ళూ చెవులూ ఆమే.

"ఇక్కడ గోంగూర దొరుకుతుందా?" అన్నాడు.

"ఫ్రోజెన్‌ది. పుల్లగా ఉండదు," అంది. కోడ్ సరిపోయింది. తర్వాత ఆమె రేపటి సంగతి చెప్పింది.

"తొమ్మిదో అంతస్తు, రిలీజ్ రూమ్. పదీ యాభై ఐదుకి ఒక టెస్ట్ అకౌంట్ దాటుతుంది. అది బాగుంటే పదకొండుకి మిగతా అందరూ. ఈ మధ్యలో ఐదు నిమిషాలే స్టాప్ బటన్ కనిపిస్తుంది. నేను కింద ప్రెస్ వాళ్ళతో ఉంటాను."

"థాంక్స్."

"గిరిజ క్షేమమేనా?"

"క్షేమమే."

ఎక్కడ అని ఆమె అడగలేదు. అడగలేదు కాబట్టే భార్గవ్ ఆమెను ఇంకాస్త నమ్మాడు.

* * *

ఈ దేశంలో ఏ తలుపైనా తెరిపించే వేషం ఒకటుంది. నీలం ఓవరాల్, చేతిలో పొడవాటి కర్ర, చంకలో ఫైలు, "స్మోక్ అలారం తనిఖీకి వచ్చాను" అన్న ఒక్క ముక్క. రెండు వారాల కిందటి తేదీతో లిఫ్ట్ పక్కన ఒక నోటీసు కూడా అంటించి ఉంటే సెక్యూరిటీ వాడు సెల్యూట్ ఒక్కటే తక్కువ చేస్తాడు. ఆ నోటీసు తెల్లారి ఆరింటికే భార్గవ్ అంటించాడు.

శుక్రవారం పదీ నలభై రెండు. నోర్డ్‌వెగ్ ఆఫీసు తొమ్మిదో అంతస్తు. గిరిజ ఇచ్చిన రాకేష్ కార్డు పెట్టాడు. పచ్చ లైటు వెలిగింది. చనిపోయిన ఉద్యోగి కార్డు రద్దు చెయ్యాలంటే మరణ ధ్రువీకరణ పత్రం ఒరిజినల్ కావాలట. అది ఇంకా రాలేదు. తలుపు తెరుచుకుంది. ఈ తలుపు దృష్టిలో రాకేష్ ఇంకా బతికే ఉన్నాడు.

గదిలో ఎవరూ లేరు. గోడంత స్క్రీన్. దాని మీద అంకెలు వెనక్కి నడుస్తున్నాయి. కింద ఒక లైను:

టెస్ట్ అకౌంట్: termin-aachen.

టెర్మిన్-ఆకెన్. భార్గవ్ మళ్ళీ చదివాడు.

ఆ అకౌంట్ తనదే. తనూ రాకేష్ కలిసి పదకొండేళ్ళ కింద ఆర్బిస్‌లో తెరిచారు. ఈ దేశంలో ఏ ఆఫీసు పని పడ్డా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, కావాలి. ఆన్‌లైన్‌లో స్లాట్లు పొద్దున్నే కనబడి రెండు నిమిషాల్లో మాయమవుతాయి. అందుకని గదిలో వాళ్ళందరూ ఒకే అకౌంట్‌లో ఉండి, అందరి పేర్లూ అడ్రసులూ అందులోనే దాచి, ఎవరికి స్లాట్ కనబడితే వాడు అవసరమున్నవాడి పేరు మీద బుక్ చేసేవాడు. ఆ అకౌంట్ సీనియర్ల నుంచి జూనియర్లకి వంటగిన్నెల్లాగే చేతులు మారింది. పాస్‌వర్డ్ ఒక్కసారి కూడా మారలేదు. భార్గవ్ ఆరు ఫోన్లు మార్చాడు. లాగౌట్ మాత్రం కాలేదు. గూఢచారికి ఇది సిగ్గుచేటు.

ఫోన్ తీసి ఆ అకౌంట్‌లో అడ్రసులు తెరిచాడు. పద్నాలుగు పేర్లు. చివరిది నిన్న రాత్రి చేర్చినది: గిరిజ. పూర్తి అడ్రస్, ఫ్లాట్ నంబర్‌తో సహా.

వెంటనే పూజితకి ఫోన్ చేశాడు. గుసగుసగా అడిగాడు. "గిరిజ అడ్రస్ టెర్మిన్ అకౌంట్‌లో ఎందుకు పెట్టావమ్మా?"

"అన్నా, రాకేష్ అన్నని హైదరాబాద్ ఫ్లైట్‌లో పంపాలంటే ఏదో పర్మిషన్ పేపర్ కావాలట. టెర్మిన్ లేకుండా ఇవ్వరట. అక్క ఏడుస్తుంటే చూడలేక నేనే పెట్టా. తప్పా?"

తప్పని ఎలా చెబుతాడు? ఫోన్ గిరిజ అందుకుంది. "అన్నా, ఏమైంది? గిట్ల మాట్లాడుతున్నవేంది?"

"ఏం లేదమ్మా. తలుపు గడియ పెట్టుకోండి. ఎవరొచ్చినా తియ్యొద్దు."

టైము పదీ నలభై తొమ్మిది. అందరూ కలిసి వాడే అకౌంట్. ఎవరైనా మార్చచ్చు. భార్గవ్ గిరిజ పేరు ఎదురుగా ఉన్న అడ్రస్ చెరిపేసి, ఇంకో అడ్రస్ రాసి, సేవ్ నొక్కాడు. చెవిలోని మైక్‌లో గంగాధరరావుకి రెండంటే రెండు వాక్యాలు చెప్పాడు.

వెనక తలుపు తెరుచుకుంది.

"కర్ర కింద పెట్టొచ్చు భార్గవ్. ఇక్కడి అలారం బాగానే పనిచేస్తోంది."

మనోజ్ఞ. ఎర్ర కోటు. చేతిలో సైలెన్సర్ ఉన్న పిస్టల్.

భార్గవ్ కర్రకి ఆనుకుని నిలబడ్డాడు, అలసిపోయినవాడిలా. నిజంగానే అలసిపోయాడు. "గిరిజ ఎక్కడుందో నువ్వు అడగలేదు."

"అడగాల్సిన అవసరమేంటి? పోయిన చలికాలం ఛాయ్ తాగుతూ నువ్వే చెప్పావుగా, ఆకెన్ కుర్రాళ్ళందరికీ ఒకే అకౌంట్ అని. ఎంత నవ్వుకున్నాం! గిరిజ మాయమైంది అనగానే నువ్వు ఎక్కడికి తీసుకెళ్తావో ఊహించాను. వాళ్ళ లాప్‌టాప్‌లలో మా బ్రౌజరే ఉంది. ట్రయల్‌కి ఒప్పుకున్నట్టు ఎప్పుడో టిక్ కొట్టారు. ఎవరూ చదవరుగా."

తన నోటితో తనే చెప్పాడు. భార్గవ్ ఆ ఛాయ్‌ని, ఆ నవ్వుని తల్చుకుని తనని తాను అసహ్యించుకున్నాడు.

"రాకేష్ నిన్ను నమ్మాడు. మీటింగుల్లో నువ్వే కదా అతని వైపు మాట్లాడింది?"

"బ్రిడ్జ్ తెరవాలని నేనూ మనస్ఫూర్తిగా కోరుకున్నాను. అబద్ధం కాదు. నాకు దేశాలు లేవు భార్గవ్, కస్టమర్లున్నారు."

పదీ యాభై ఐదు. స్క్రీన్ మీద పచ్చటి గీత సాగింది. టెస్ట్ అకౌంట్ దాటింది. మనోజ్ఞ ఎడమ చేతిలో ఫోన్ మోగింది. మూడో కాపీ వచ్చేసింది. ఆమె అడ్రస్ చూసి, బొటనవేలితో ముందుకి పంపింది.

"ఆకెన్‌లో కార్లో ఇద్దరున్నారు. మూడు నిమిషాల దూరం అంటున్నారు. బాధ లేకుండా చూడమన్నాను."

స్క్రీన్ మీద ఎర్ర బటన్ వెలిగింది. భార్గవ్‌కీ దానికీ మధ్య నాలుగడుగులు. ఆ పిస్టల్ అణుమాత్రం కదల్లేదు.

యాభై ఆరు. యాభై ఏడు. తను రాసిన అడ్రస్‌లో ఇంటి నంబర్ తప్పు పడిందేమోనన్న భయం ఒక్కటే భార్గవ్‌ని తొలిచేస్తోంది.

యాభై ఎనిమిదికి ఆమె ఫోన్ మోగింది. స్పీకర్ ఆన్ చేసింది. "అయిపోయిందా?"

అవతల ఒక జర్మన్ గొంతు, చాలా మర్యాదగా: "ఆకెన్ పోలీస్. ఎవరు మాట్లాడుతున్నారు, దయచేసి?"

మనోజ్ఞ కళ్ళు ఒక్క క్షణం ఫోన్ మీదకి వాలాయి.

భార్గవ్‌కి ఆ క్షణం చాలు. కర్ర గాలిలో లేచి ఆమె మణికట్టు మీద పడింది. పిస్టల్ పేలింది, గుండు కప్పులోకి పోయింది. ఆయుధం బల్ల కిందికి జారింది. రెండో దెబ్బకి ఆమె గోడకి కొట్టుకుని కూలబడింది.

చదువుకునే రోజుల్లో ఆకెన్‌లో భార్గవ్ సైకిల్ మూడుసార్లు పోయింది. మూడుసార్లూ కంప్లైంట్ ఇవ్వడానికి తిరిగిన పోలీస్ స్టేషన్ అడ్రస్ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వెనక గేటు వేరే వీధిలో ఉంటుంది, బోర్డు ఉండదు. గిరిజ పేరు ఎదురుగా ఆ గేటు నంబరే రాశాడు. దాని వెనక పదిమంది పోలీసుల్ని గంగాధరరావు నిలబెట్టించాడు. టెస్ట్ అకౌంట్ దాటడానికి ఆరు నిమిషాల ముందు వరకూ ఆ పేరుకీ ఆ గేటుకీ ప్రపంచంలో ఎక్కడా సంబంధం లేదు. ఇద్దరు హంతకులు నేరుగా అక్కడికే వచ్చారంటే మూడో కాపీ ఉన్నట్టే. ఫ్రావ్ కెస్లర్‌కి రుజువు దొరికింది.

కానీ టైము పదీ యాభై తొమ్మిది. రుజువు కోసం బయట కాచుకున్న కెస్లర్ ఇంకా కింద లిఫ్ట్ దగ్గరే ఉంది.

భార్గవ్ రాకేష్ కార్డు పెట్టి ఎర్ర బటన్ నొక్కాడు. స్క్రీన్ మీద అక్షరాలు కొట్టే డబ్బా ఒకటి తెరుచుకుంది. ఇది రాకేష్ పెట్టించిన నియమం: బ్రిడ్జ్ ఆపడానికి టీమ్‌లో ఎవరికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు, కారణం మాత్రం రాయాలి.

ఇరవై రెండు సెకన్లు. "రాకేష్" అని కొట్టాడు.

ఎర్ర అక్షరాలు: కారణం మరీ చిన్నది. కనీసం ఇరవై అక్షరాలు.

భార్గవ్ జన్మలో అంత పచ్చి బూతు తిట్టలేదు. పది సెకన్లు. "రాకేష్‌ని చంపేశారు. మూడో కాపీ ఉంది." నొక్కాడు.

రెండు సెకన్ల దగ్గర అంకెలు ఆగిపోయాయి.

* * *

సాయంత్రం నాలుగింటికి ఆకెన్ చేరాడు. వంటింట్లో గిరిజ, పూజిత బల్ల దగ్గర కూర్చుని ఉన్నారు. కుక్కర్‌లో అన్నం చల్లారిపోయింది. ఎవరూ ముట్టుకోలేదు. మనోజ్ఞను అరెస్టు చేశారనీ, బ్రిడ్జ్‌ని కంపెనీ నిరవధికంగా వాయిదా వేసిందనీ చెప్పాడు. తన నోటి దురద సంగతీ దాచలేదు. గిరిజ కుక్కర్‌ని పక్కకి జరిపింది.

"ఆయన కట్టింది మంచిదే గదన్నా?"

"మంచిదేనమ్మా. కాపలా కాయాల్సినవాళ్ళం మేం నిద్రపోయాం."

అప్పుడే బల్ల మీది ఫోన్ మోగింది. రాకేష్ ఆఫీసు మెయిల్ ఇంకా గిరిజ ఫోన్లోనే ఉంది. ఆమె చదివి, ఫోన్ భార్గవ్ ముందుకి జరిపింది.

"గౌరవనీయులైన శ్రీ రాకేష్ గారికి, మీరు ఈ రోజు ఉదయం 10.59కి రిలీజ్ ఆపినట్టు నమోదైంది. మీరు ఇచ్చిన కారణం సహేతుకమని గుర్తించాం. అయితే ఇటువంటి విషయాలు ఇకమీదట ముందుగానే మా దృష్టికి తీసుకురావలసిందిగా కోరుతున్నాం."

గిరిజ నవ్వింది. మంగళవారం తర్వాత అదే మొదటి నవ్వు, సగంలోనే ఏడుపైపోయింది.

"ముందుగాల్నే చెప్పిండు గదన్నా," అంది. "అందుకే గదా చంపిన్రు."