లేని కంబం

జమ్మలమడుగు నుంచి ముద్దనూరుకు పోయే దారిలో, మూతపడిన బండల పాలిష్ ఫ్యాక్టరీ ఒకటి ఉంది. పొద్దు గూకితే ఆ ఛాయలకు మనిషన్నవాడు పోడు.

ఆ ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో ఆరేళ్ళ కిందట ఇలియాస్ మెకానిక్ చచ్చిపోయాడు. చచ్చిపోవడం అందరూ చేసే పనే. ఆయన మాత్రం ఒక పాత అమెరికా కారులో, స్టీరింగు ముందు కూర్చుని, కిటికీలో మోచెయ్యి పెట్టుకుని, ఆరిపోయిన బీడీ వేళ్ళ మధ్య ఉండగానే పోయాడు. ఆఖరి రోజుల్లో నడుము నొప్పితో ఆయన నిలబడలేకపోయేవాడు. అందుకని ఆ కారులోనే కూర్చుని కుర్రాళ్ళకు పని చెప్పేవాడు.

అప్పట్నుంచీ రాత్రిపూట ఆ షెడ్డులో స్పానర్ చప్పుడవుతుందంటారు. బీడీ వాసన వస్తుందంటారు. ఒకసారి ఆ గేటు ముందు ఆగిపోయిన సిమెంటు లారీ, డ్రైవరు దిగి బానెట్ ఎత్తకముందే దానంతట అదే స్టార్టయిందట.

ఇంత ఉపకారం చేసే దెయ్యానికి కూడా చెడ్డపేరు తేవడం మన జిల్లాకే చెల్లింది. లారీ డ్రైవర్లు మాత్రం మర్యాద తెలిసినవాళ్ళు. ఆ గేటు దిమ్మె మీద ఒక బీడీ పెట్టి, వెనక్కి చూడకుండా పోతారు.

నేను దెయ్యాలను నమ్మను. పాతకార్ల ప్రేమికులనైతే అసలే నమ్మను, ఎందుకంటే వాళ్ళ సంఘంలో నేనూ సభ్యుణ్ణి. ప్రొద్దుటూరులో మాది పదిహేడు మంది సంఘం. కార్లు నాలుగు. వాటిలో నడిచేది ఒకటి, అదీ పల్లం దొరికితే. నాకు కారు లేదు, అభిప్రాయాలున్నాయి. మా సంఘంలో చేరడానికి అవి చాలు.

ఈ కథ నాకు సుబ్బన్న చెప్పాడు. సుబ్బన్న మా అధ్యక్షుడు రఘునాథ్ గారి డ్రైవరు. రఘునాథ్ గారికి బట్టల కొట్టుంది. సొంత కొట్టులో చీర ధర గుమాస్తాను అడుగుతాడు గానీ, యాభై ఏడు మోడల్ ప్లిమత్ కారుకు వెనక దీపాన్ని ఎన్ని మరలతో బిగించారో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. అమెరికా చూడలేదు. చూస్తే తప్పులు దిద్ది వస్తాడు.

ఆయన వెంట ఎప్పుడూ ఉండేవాడు పులివెందుల ముబారక్. కువైట్‌లో పన్నెండేళ్ళు ఒక షేక్ గారి కార్లు తోలి వచ్చినవాడు. ఏది చూపించినా "మా కువైట్‌లో అయితే..." అని మొదలుపెడతాడు. ఈ ఇద్దరికీ ఏ కారు మీదా ఏకాభిప్రాయం కుదరదు, ఒక్క హార్డ్‌టాప్ మీద తప్ప.

హార్డ్‌టాప్ అంటే ఏమీ లేదు. ఏ కారుకైనా ముందు తలుపుకు, వెనక తలుపుకు నడుమ ఒక కంబం లేచి పైకప్పును మోస్తుంది. హార్డ్‌టాప్‌కు అద్దాల అంచు నుంచి పైన ఆ కంబం ఉండదు. నాలుగు అద్దాలూ దించితే ఈ కొస నుంచి ఆ కొస దాకా అడ్డం లేకుండా గాలి ఆడుతుంది. అంతే! ఆ లేని కంబం కోసం పెద్దమనుషులు నిద్ర మానుకుంటారు. లోకంలో జనం ఉన్నదాన్ని చూసి మురుస్తారు, మావాళ్ళు లేనిదాన్ని చూసి మురుస్తారు.

ఇలియాస్ కారు అలాంటి హార్డ్‌టాపేనని ఎప్పటినుంచో వదంతి. ఒకప్పుడు ముగ్గురాయి గనుల యజమాని ఎవరో మద్రాసులో కొని, ముసలితనంలో "ఇది నీ చెయ్యి మాటే వింటుంది, నువ్వే ఉంచుకో" అని ఇలియాస్‌కు ఇచ్చేశాడట.

ఇప్పుడు అది ఇలియాస్ కొడుకు సలీం చేతిలో ఉంది. సలీం కువైట్‌లో పని చేస్తాడు. అక్కణ్ణుంచే రఘునాథ్ గారికి ఫోన్ చేసి మాటిచ్చాడు. నిజమైన హార్డ్‌టాప్ అయితే శుక్రవారం లారీ తెచ్చి ఎత్తుకుపోవచ్చు. కాకపోతే అక్కడే చెల్లెలికి వదిలేస్తాడు.

రఘునాథ్ గారు తన కొత్త కొట్టులో, అద్దాల వెనక దానికి చోటు కూడా సిద్ధం చేశాడు. పట్టుచీరలు కట్టిన బొమ్మలను నాలుగింటిని లోపల కూర్చోబెట్టాలని ఆయన ఆలోచన.

సలీం చెల్లెలు ఖమ్రున్నీసా ఆ షెడ్డు పక్కనే రెండు గదుల్లో ఉంటూ బట్టలు కుడుతుంది. రోజూ సాయంత్రం ఆ కారు తుడిచి, తండ్రి కూర్చున్న సీటు పక్కన కాసేపు కూర్చుంటుంది. "అది పోతే అబ్బా రెండోసారి చచ్చిపోయినట్లే భయ్యా" అని అన్నకు ఫోన్లో ఏడ్చి చెప్పింది. ఆడపిల్ల ఏడుపుకు కువైట్‌లో సిగ్నల్ అందదు కాబోలు. అన్న మాట మార్చలేదు.

పోనీ మావాళ్ళు పగటిపూట పోయారా? పగలు పోతే అనంతపురం సంఘం వాళ్ళకు తెలిసిపోతుందట. ఆ భయంతో బుధవారం రాత్రి పది దాటాక బయల్దేరారు. ఫొటో బయటికి పొక్కుతుందని రఘునాథ్ గారు అందరి ఫోన్లూ బండిలోనే పెట్టించాడు. చేతిలో ఉన్నవి ఒక టార్చి, ఒక టేపు, ఒక నోటుపుస్తకం.

గేటు దిమ్మె మీద బీడీలు వరసగా ఉన్నాయి. "ఏంది ఈ చెత్త?" అని రఘునాథ్ గారు టార్చితో వాటిని కింద పడదోశాడు. సుబ్బన్న గుండె అక్కడే జారింది. కానీ డ్రైవరు గుండె గురించి ఏ నోటుపుస్తకంలోనూ రాయరు.

ఖమ్రున్నీసా తలుపు తీసింది. తల మీద ముసుగు, ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"షెడ్డులో బల్బు పోయింది సార్. పగలు వస్తే బాగుంటాది గదా..."

"టార్చి ఉండాదిలేమ్మా."

లోపల చీకటి. ఆయిలు వాసన. గాలి కదలడం లేదు. రఘునాథ్ గారు కారు మీద కప్పిన టార్పాలిన్ పట్టా కొస పట్టుకుని నెమ్మదిగా లాగాడు...

ముందు రెక్కల్లాంటి తోక బయటపడింది. తర్వాత వెండిలా మెరిసే పట్టీ. తర్వాత పొడుగాటి ఒళ్ళు. ఆయనకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట. అత్తగారు పోయినప్పుడు కూడా అంతగా తిరగలేదని సుబ్బన్న సాక్ష్యం.

"అబ్బబ్బ... ఏం బండప్పా..." అని గొణుగుతూ టార్చిని ఎడమ పక్కకు తిప్పాడు. అద్దాలన్నీ దించే ఉన్నాయి. వెలుతురు ముందు కిటికీ మీదుగా పాకుతూ పోయి —

ఆగిపోయింది.

రెండు కిటికీల నడుమ నల్లగా, నిటారుగా... కంబం.

రఘునాథ్ గారు చెయ్యి చాచి దాన్ని ముట్టుకున్నాడు. గట్టిగా ఉంది. పైన రబ్బరు.

"కంబముండాది" అన్నాడు, ఇంట్లో చావు కబురు చెబుతున్నట్లు.

గుమ్మంలో చాయ్ గ్లాసుల పళ్ళెంతో నిలబడిన ఖమ్రున్నీసా నెమ్మదిగా ఊపిరి వదలడం సుబ్బన్నకు వినిపించింది.

అయితే ముబారక్ వదిలే రకం కాదు. "ఒక పక్క చూసి యెట్ల చెప్తావు సార్? మా కువైట్‌లో షేక్ కారుకు ఒక పక్క గుద్దుకుంటే, ఆ పక్క కంబం పెట్టి అతికించినారు. ఆ పక్క గూడా చూడల్ల."

"ఆ పక్క వద్దు మామా!" ఖమ్రున్నీసా పళ్ళెంతోనే ఒక అడుగు ముందుకేసింది. "గోడకు ఆనుకున్యాది. సందులో... తేళ్ళుండాయి."

"కువైట్‌లో చూడని తేళ్ళా పాపా?" అంటూ ముబారక్ టేపు జేబులో వేసుకుని, పొట్ట బిగబట్టి, గోడకూ కారుకూ నడుమ అడ్డంగా దూరాడు. రఘునాథ్ గారు ఈ పక్కనుంచి టార్చి పట్టుకున్నాడు. ఆయన చూపింకా ఈ పక్క కంబం మీదే ఉండడంతో ఆ వెలుతురు సీట్ల మీద తప్ప అవతలికి సరిగ్గా అందలేదు.

చొక్కా గోడకు రాసుకుంటున్న చప్పుడు. ఒక అడుగు... ఇంకో అడుగు...

టింగ్...

ఎక్కడో ఇనుము మీద ఇనుము తగిలింది.

"ఏంది అది?" సుబ్బన్న గుసగుసలాడాడు.

"ఎలక" అన్నాడు రఘునాథ్ గారు. ఎలకలు స్పానర్లు పట్టే కాలం వచ్చిందన్నమాట.

ముబారక్ ఆగాడు. చీకట్లో తడుముతున్నాడు. ఖమ్రున్నీసా కళ్ళు మూసుకుంది. ఆమె పెదవులు ఏదో చదువుకుంటున్నాయి.

"ఉండాది సార్" అన్నాడు ముబారక్. "ఈ పక్కా ఉండాది."

భళ్ళున పళ్ళెం కింద పడింది. గ్లాసులు పగిలాయి. అయ్యో పాపం, తండ్రి కారు ఉత్తదని తేలినందుకు పిల్ల తట్టుకోలేకపోయిందని సుబ్బన్న కళ్ళు తుడుచుకున్నాడు.

"కొలత తీసుకో" అన్నాడు రఘునాథ్ గారు. ప్రళయం వచ్చినా కొలత కొలతే.

"టేపు మీద అంకెలు కనపడవు సార్, నాలుగు వేళ్ళుండాది... కొంచెం మెత్తగుండాది."

"రబ్బరు కరిగింటాది."

"ఎచ్చగుండాది సార్..."

"పగలంతా రేకులు కాల్లేదా? ఆ వేడే."

"బీడీ వాసన..."

"ముసిలాయన బతికినన్నాళ్ళూ దీంట్లోనే తాగె. ఆ వాసన యాడికి పోతాది?"

మళ్ళీ చొక్కా గోడకు రాసుకున్న చప్పుడు. తర్వాత ముబారక్ గొంతు బాగా సన్నగా వచ్చింది.

"సార్... ఇప్పుడు చిన్నగా కదిలె సార్."

"తుప్పు! మరలన్నీ వదులయింటాయి. బయటికి రా."

నిపుణుడంటే అలా ఉండాలి. ముబారక్ అడిగిన ప్రతిదానికీ జవాబుంది. ఆయన పక్కన యముడు నిలబడినా, దున్నపోతు కొమ్ములు ఏ సంవత్సరపువో చెప్పి పంపించేవాడు.

టార్చి వెలుగులో నోటుపుస్తకం తీసి రాశాడు. ఎడమ కంబం, గట్టిది. కుడి కంబం, నాలుగు వేళ్ళు, మెత్తన, వెచ్చన, వదులు. హార్డ్‌టాప్ కాదు. సంఘానికి పనికిరాదు.

ప్రొద్దుటూరు చేరాక రఘునాథ్ గారు సలీంకు ఫోన్ చేసి, చచ్చినవాడి మీద అబద్ధాలు పుట్టించడం మంచిది కాదని నీతులు చెప్పాడు. సలీం కారును చెల్లెలికి వదిలేశాడు.

మర్నాడు పొద్దున చూసుకుంటే టేపు లేదు. ముబారక్ అక్కడే మరిచిపోయాడు. మళ్ళీ ఆ చోటికి ఎవరు పోవాలి? సుబ్బన్నే.

పోయేసరికి ఖమ్రున్నీసా వాకిట్లో స్టవ్ ముందు కూర్చుని చపాతీలు చేస్తోంది. చేతిలో రొట్టెల కర్ర మొదలు నుంచి కొస దాకా మసి కొట్టుకుని ఉంది. ఎంత కడిగినా వదలని నలుపు. పక్కన చుట్ట చుట్టిన పాత సైకిలు ట్యూబు.

సుబ్బన్న ఆ కర్రను చూశాడు. ట్యూబును చూశాడు. ఆమె ముఖం చూశాడు.

"నువ్వేనా?"

"మామా, నీకు దండం పెడతా, సారుకు చెప్పొద్దు" అంది ఆమె. "అబ్బా నాకు శానా చిన్నప్పుడే చెప్పినాడు, ఈ బండికి లేని కంబమే అందమని. అది ఒకటి నిలబెడితే ఈ పెద్దమనుషులు దీని ముఖం గూడా చూడరని నాకు తెల్సు. కర్రకు ట్యూబు చుట్టి, గ్రీసు పూసి, కిటికీ అంచుకూ పైకప్పుకూ నడుమ బిగిచ్చినా. బల్బు నేనే తీసేసినా. తప్పే మామా. కానీ మా అబ్బా కూర్చున్న చోట చీరలు కట్టిన బొమ్మలు కూర్చుంటే నేను బతకలేను."

సుబ్బన్నకు నవ్వు ఆగలేదు. రాత్రంతా గుండె చేత పట్టుకుని పడుకున్న మనిషి మరి. అమెరికా కార్లలో పండితుడైన రఘునాథ్ గారు రొట్టెల కర్రను పట్టుకుని దుఃఖపడ్డాడు! కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వి, చివరికి అన్నాడు:

"అయినా రెండు పక్కలా భలే బిగిచ్చినావు పాపా! ఆ పక్కదయితే కదిలిందంట. ముబారక్‌కు జరం వచ్చింది."

ఖమ్రున్నీసా నవ్వలేదు. కర్రను పీట మీద పెట్టింది.

"ఆ పక్క గోడ ఉండాది, ఎవురూ దూరరులే అనుకున్యా. ముబారక్ మామ దూరె. అయిపాయ, బండి పాయ అనుకున్యా. అంతలో ఈ పక్కా ఉండాది అన్న్యాడు..."

"అంటే?"

"మా ఇంట్లో ఉండేది ఒకటే రొట్టెల కర్ర మామా."

సుబ్బన్న నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. షెడ్డు తలుపు తీసే ఉంది. లోపల కారు, ఈ కొస నుంచి ఆ కొస దాకా అడ్డమన్నది లేకుండా, అవతలి గోడ మొత్తం కనిపిస్తూ ఉంది. కుడి కిటికీ అంచు మీద ముబారక్ టేపు, ఎవరో పద్ధతిగా చుట్టి పెట్టినట్లు ఉంది.

ఖమ్రున్నీసా కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ అటే చూస్తోంది.

"నడుము నొప్పితో నిమిషం నిలబడలేకపోతాండె మా అబ్బా" అంది. "అంతసేపు యెట్ల నిలబడినాడో..."