పడుగు గంజితో బొమ్మరిల్లు

“అంటుకునింది మే! సూడు, అంటుకునింది!”

జీవిత రెండు చేతులూ పైకెత్తి గంతులేసింది. వేళ్ల మీది గంజి మోచేతి దాకా కారింది. ఆమె పట్టించుకోలేదు.

పక్కనే కూర్చున్న నాగశ్రీ చప్పట్లు కొట్టింది.

ఇద్దరూ ఐదో తరగతి. వాళ్ల ముందు ఒక పెద్ద అట్టపెట్టె ఉంది. జీవిత వాళ్ల నాన్న నేసిన చీరలు బయటి ఊళ్లకు పంపే పెట్టె అది. దాన్ని నిలబెట్టి, లోపల అట్టముక్కలు అడ్డం పెట్టి, నాలుగు గదులు చేశారు. కింద వంటిల్లు, నడవ. పైన రెండు పడకగదులు. కిటికీలు కోశారు. అగ్గిపెట్టెలతో మంచాలు చేశారు. పేస్టు మూతలు వంటిల్లో బిందెలయ్యాయి.

ఇక మిగిలింది గోడలే.

తెల్లారితే సోమవారం. బడిలో బొమ్మరిళ్ల ప్రదర్శన. ఇద్దరిద్దరు కలిసి ఒక ఇల్లు చేసుకుని రావాలి. అన్నిటికంటే ముచ్చటగా ఉన్నదాన్ని తలుపు ఎదురుగా మొదటి బల్ల మీద పెడతామని అరుణజ్యోతి టీచర్ చెప్పారు. ప్రదర్శన అయ్యాక ఇళ్లన్నీ అంగన్‌వాడీ పిల్లలకు ఇచ్చేస్తారు.

మొదటి బల్ల! ఆ మాట తలుచుకుంటేనే జీవితకు కాళ్లు నిలవడం లేదు.

గోడలకు కాగితం తెచ్చింది నాగశ్రీ. వాళ్ల నాన్నకు బజారులో ఫ్యాన్సీ అంగడి ఉంది. పసుపు రంగు కాగితం, దాని మీద తెల్లటి చిన్న పూలు. చూస్తే ముట్టుకోవాలనిపిస్తుంది. నాగశ్రీ గమ్ము సీసా కూడా తెచ్చింది. జీవిత దాన్ని పక్కన పెట్టేసింది.

“గమ్ము ఎందుకు మే? మాది మగ్గాల ఇల్లు. మా ఇంట్లో గంజికి కరువా?”

పెరట్లో బకెట్ నిండా గంజి ఉంది. పొద్దున్నే వీధిలో పడుగు చాచి గంజి పట్టించారు. పడుగంటే మగ్గం మీద నిలువుగా ఉండే పోగులు. ఆ పని అయిపోగా మిగిలిన గంజిని జీవిత చెంబుతో ముంచుకొచ్చింది.

“ఏందో వాసన వస్తాండాది మే,” అంది నాగశ్రీ ముక్కు ఎగబీలుస్తూ. “తలకు పెట్టుకునే నూనె మాదిరి.”

“నీ జడే వాసన. ఇట్ల పట్టుకో. కదలనియ్యొద్దు!”

రెండో గది, మూడో గది, నాలుగో గది. గబగబా అతికించేశారు. బొమ్మరిల్లంతా పసుపుగా వెలిగిపోయింది. ఇద్దరూ రెండడుగులు వెనక్కి జరిగి చూసుకున్నారు.

“ఎంత బాగుండాదో!”

“మొదటి బల్ల మనదే!”

అప్పుడే వంటింటి గోడ మీది కాగితం మూల మెల్లగా కిందికి వంగింది.

“ఏయ్, పట్టుకో పట్టుకో!”

నాగశ్రీ ఆ మూలను వేలితో నొక్కింది. ఈలోగా పడకగది కాగితం జారింది. జీవిత దాన్ని పట్టుకుంది. నడవలో కాగితం ఉబ్బి, పూరీలాగా పొంగింది. దాన్ని మోచేత్తో అదిమింది. ఇద్దరి చేతులూ ఇంటి లోపలే ఇరుక్కుపోయాయి. ఇద్దరికీ నవ్వు ఆగలేదు.

కానీ చేయి తీస్తే మళ్లీ కాగితం కిందికే.

“ఇంకొంచెం గంజి పూస్తే సరి,” అంది జీవిత.

పూసింది. కాగితం ఇంకా జారింది. దాని మీద ముడతలు వచ్చాయి.

“ఎండలో పెడితే?”

ఇద్దరూ పెట్టెను మోసుకెళ్లి వాకిట్లో నాపరాళ్ల మీద పెట్టారు. లోపలి నుంచి అమ్మ కేకేసింది.

“ఆ ఎండలో యాడికి పోతాండారే! వడదెబ్బ తగిలితే ఎవరు తిరగాల ఆస్పత్రికి? నెత్తిన తువ్వాలన్నా ఏసుకోండి!”

“రెండు నిమిషాలే మా!”

రెండు నిమిషాలు కాదు, పావుగంట చూశారు. కాగితం ఎండింది. ఎండి, అప్పడం మాదిరి అంచులు చుట్టుకుంది. అంతకంటే ఘోరం ఇంకొకటి. పసుపు కాగితం మీద అక్కడక్కడా నల్లటి మరకలు తేలాయి. పూలు కనిపించకుండా పోయాయి.

జీవిత ఒక మరకను వేలితో రుద్దింది. పోలేదు. రేపే ప్రదర్శన. గంజి తనది. మా గంజి, మా గంజి అని అంత గొప్పగా చెప్పుకుంది.

“అంతా నీ కాగితం వల్లే!” అనేసింది.

నాగశ్రీ ఉలిక్కిపడింది. “నా కాగితమా?”

“మరి? మంచి కాగితమైతే మరకలు ఎందుకు వస్తాయి? మీ అంగట్లో అమ్ముడుపోని పాత సరుకు తెచ్చి నాకు అంటగట్టినావు!”

పక్కింటి మిద్దె మీద బట్టలు తీస్తున్న పద్మశ్రీ ఆగి, పిట్టగోడ మీది నుంచి తొంగి చూసింది. పద్మశ్రీది కూడా వాళ్ల తరగతే.

నాగశ్రీ ముఖం ఎర్రబడింది. “మా నాయన కొత్త కట్ట ఇప్పి ఇచ్చినాడు,” అంది. చెప్పులు కాళ్లకు సరిగ్గా ఎక్కకుండానే వీధిలోకి వెళ్లిపోయింది. మిగిలిన కాగితం చుట్ట అక్కడే ఉండిపోయింది.

జీవిత ఒక్కతే కూర్చుంది. సరే, పోతే పోనీ. ఇంట్లో వేరే కాగితాలు లేవా? పాత క్యాలెండర్ నుంచి ఒక పేజీ చింపింది. గంజి పూసి అతికించింది.

అదీ జారింది. దాని మీదా మరకే.

నోటుబుక్కులో తెల్లకాగితం తీసింది. మళ్లీ మరక.

వార్తాపత్రిక ముక్క. మళ్లీ అంతే.

జీవిత చేయి ఆగిపోయింది. మూడు కాగితాలు మారాయి. మారనిది ఒక్కటే, ఆ చెంబులోది. వేలు ముంచి ముక్కు దగ్గర పెట్టుకుంది. కొబ్బరినూనె వాసన.

“అవ్వా!” అని అరుస్తూ ఇంట్లోకి పరిగెత్తింది. “ఈ గంజిలో నూనె ఉండాదా?”

అవ్వ నూలు కండెలు చుడుతూ, రాట్నం ఆపకుండానే నవ్వింది. “నూనె లేకుండా పడుగు గంజి ఉంటుందే? పోగు తెగకుండా నున్నగా జారాలని గదా ఏస్తాము. పొద్దున నూనె సీసా అందిచ్చింది నువ్వే గదే!”

నిజమే. తనే అందించింది.

“జారేదానికి పెట్టేది తెచ్చి అంటుకో అంటే యాడ అంటుకుంటాది?” అవ్వ రాట్నం ఆపింది. “ఏడుపు ముఖం ఎందుకు? మైదా ఉడికించి బంక చేస్తా. చిక్కగా. దాన్ని పలచగా పూయాల. గోడలకు నూనె అంటింది గాబట్టి ముందు ముగ్గుపిండి సల్లు, అది పీల్చుకుంటాది. ఆ మీద పాత పేపరు ఒక పొర ఏసి, ఆరినాక రంగు కాగితం ఏసుకో. ఎండలో గాదు, నీడలో. శానా పని ఉండాది, ఒక్కదానివి చేయలేవు. ఆ పాప యాడ?”

జీవిత నేల చూపులు చూసింది. తర్వాత చెంగున లేచింది. “ఇప్పుడే వస్తా అవ్వా!”

బజారు దాకా ఒకటే పరుగు. అంగట్లో నాగశ్రీ గాజుల పెట్టెలు సర్దుతోంది. జీవితను చూసి ముఖం తిప్పుకుంది.

జీవిత బల్ల మీదికి వంగి, చెవిలో చెప్పినట్టు మెల్లగా అంది. “నీ కాగితం మంచిదే మే. మా గంజిలోనే నూనె ఉండాది.”

“నా జడ వాసన అన్నావు గదా?”

“గంజి వాసనే.”

“పాత సరుకన్నావు.”

“తప్పయింది మే. రా, అవ్వ మైదా బంక చేస్తాండాది.” జీవిత అటూ ఇటూ చూసింది. “కానీ ఎవరికీ చెప్పొద్దు. మగ్గాలింటి పిల్లకు పడుగు గంజి సంగతి తెలీదని నవ్వుతారు.”

నాగశ్రీ చేతిలోని గాజుల పెట్టెను పక్కన పెట్టింది. తర్వాత బల్ల కింద నుంచి బయటికి వచ్చింది. “పా. చీకటి పడేలోగా అయిపోవాల.”

అబ్బ, ఎంత పని! ముగ్గుపిండి చల్లారు, దులిపారు, తుమ్మారు. పాత పేపరు వేశారు. అది ఆరేదాకా ఒకరి తర్వాత ఒకరు విసనకర్రతో విసిరారు. తర్వాత పసుపు కాగితం. మొదటి ముక్క కింద మళ్లీ గాలి బుడగ వచ్చింది. నాగశ్రీ కాగితాన్ని మెల్లగా పైకి తీసి, మధ్యలో ముందు అదిమి, మెత్తటి గుడ్డతో అంచుల వైపు తుడుచుకుంటూ పోయింది. బుడగ అంచు దాకా జరిగి, మాయమైపోయింది!

“ఎట్ల చేసినావు మే!”

“ఏమో. గాలికి బయటికి దారి కావాల గదా అనిపించింది.”

మిగిలిన కాగితం మూడు గదులకే సరిపోయింది. వంటింటికి చాలలేదు. మరకలు పడిన పాత ముక్కనే ఆరబెట్టి, ముడతలు సాపు చేసి, అక్కడ వేశారు.

సోమవారం బడిలో ఎనిమిది బొమ్మరిళ్లు వరుసగా ఉన్నాయి. ఒకదానికి ఐస్‌క్రీం పుల్లల పైకప్పు. ఇంకొకదానికి అద్దాల కిటికీలు. మొదటి బల్ల మాత్రం ఖాళీ. టీచర్ ఒక్కో ఇంటి ముందూ వంగి చూస్తూ వస్తున్నారు. పిల్లలంతా వెంటే తోసుకుంటూ నడుస్తున్నారు.

“అబ్బా, గోడలు ఎంత నున్నగా వచ్చాయి!” అన్నారు టీచర్, జీవిత వాళ్ల ఇంటి ముందు ఆగి. “వంటింట్లో ఈ మరకలేంటి?”

జీవిత నోరు తెరిచేలోగా వెనక నుంచి పద్మశ్రీ గొంతు వినిపించింది.

“అది పాత కాగితం టీచర్! నాగశ్రీ వాళ్ల అంగట్లో అమ్ముడుపోని సరుకంట! నిన్న జీవితే చెప్పింది, నేను విన్నా.”

ఎవరో కిసుక్కున నవ్వారు. “ఇంకోసారి ఆ అంగట్లో ఏం కొనకూడదప్పా,” అన్నాడు ఇంకొకడు.

నాగశ్రీ తల వంచుకుంది. గౌను అంచును వేలికి చుట్టుకుంటోంది. జీవిత వైపు చూడలేదు. గంజి సంగతి చెప్పనూ లేదు. చెప్పొద్దని అడిగినందుకు, చెప్పలేదు.

నిన్న అంగట్లో జీవిత తప్పయిందన్న మాట నాగశ్రీ ఒక్కతే వింది. అంతకుముందు అరిచిన మాట మాత్రం ఇప్పుడు తరగతి మొత్తం వింది.

“టీచర్,” అంది జీవిత. గొంతు సన్నగా వచ్చింది. మళ్లీ గట్టిగా అంది. “టీచర్! కాగితం కొత్తదే. వాళ్ల నాయన కొత్త కట్ట ఇప్పి ఇచ్చినాడు. మరకలు నా వల్ల. పడుగు గంజితో అతికించినా. దాంట్లో నూనె ఉంటాదని మర్చిపోయినా.”

మగ్గాల వీధి పిల్లలంతా ఒక్కసారి గొల్లుమన్నారు.

“పడుగు గంజితోనా! ఓ యమ్మా!”

“రేపు పడుగుకు మైదా బంక పట్టిస్తాదేమో సూడండ్రా!”

జీవిత ముఖం మండిపోయింది. అయినా తల వంచలేదు. “నూనె వాసన వస్తాండాదని నాగశ్రీ ముందే చెప్పింది. నేనే వినలేదు. తప్పు నాది పెట్టుకొని, దాని కాగితాన్ని తిట్టినా.”

పద్మశ్రీ మెల్లగా ఒకడుగు వెనక్కి వేసింది.

టీచర్ ఐస్‌క్రీం పుల్లల పైకప్పు ఉన్న ఇంటిని ఎత్తి మొదటి బల్ల మీద పెట్టారు. తర్వాత తిరిగి వచ్చి, పసుపు గోడను వేలితో నిమిరారు.

“మిగతా గదుల్లో ఒక్క బుడగ కూడా లేదే! ఇంత నున్నగా ఎట్ల అతికించారు? అందరికీ చెప్పు జీవితా.”

జీవితకు అంతా తెలుసు. ముగ్గుపిండి నుంచి మెత్తటి గుడ్డ దాకా గడగడా చెప్పేయగలదు. నాలుక చివరి దాకా వచ్చింది కూడా.

ఆమె పక్కకు జరిగి, నాగశ్రీ చేయి పట్టుకుని ముందుకు లాగింది.

“బుడగ తీసింది ఇది టీచర్. ఇదే చెప్పాల.”