ఫినిషింగ్ లైన్ దాటిందెవరు?

లోయలో శవం దొరికేసరికి, ఆ మనిషి రైడ్ పూర్తి చేసి పద్దెనిమిది గంటలైంది.

కంప్యూటర్ చెప్పిన మాట అది.

రెండు వందల కిలోమీటర్ల సైకిల్ రైడ్. ఎనిమిది వందల మంది. తెల్లవారకముందే బయల్దేరి, కొండ ఎక్కి, దిగి, చీకటి పడేలోగా స్టేడియం చేరాలి. శవం నూట అరవయ్యో కిలోమీటరు దగ్గర, కొండ మలుపు కింద తుప్పల్లో ఉంది. పక్కనే సైకిల్. చొక్కా వీపు మీద నెంబరు 412. రోడ్డు పనికొచ్చిన మేస్త్రీ చూసి ఫోన్ చేశాడు.

412 ఫినిషింగ్ లైన్ దాటిన టైమ్, ముందు రోజు మధ్యాహ్నం 2.20.

పోస్ట్‌మార్టమ్ రిపోర్టు చదివి ఇన్‌స్పెక్టర్ డాక్టర్‌కి ఫోన్ చేశాడు.

"పడింది ఎప్పుడంటారు?"

"మధ్యాహ్నం పన్నెండున్నర ప్రాంతంలో."

"పోయింది?"

"సాయంత్రం ఆరుకి అటూ ఇటూ. తుంటి విరిగింది. లోపల రక్తం కారుతూనే ఉంది. పడగానే పోలేదండీ. అదే ఘోరం."

"అయితే రెండు ఇరవైకి?"

"లోయలోనే ఉండాలి. లేచి అడుగు వేసే స్థితి కాదు."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేశాడు. పొద్దున్నే దేవుడికి దణ్ణం పెట్టుకోకుండా గడప దాటే మనిషి కాదు ఆయన. దేవుడున్నాడంటే నమ్ముతాడు. దయ్యాలంటే నవ్వుతాడు. ఆ రోజు నవ్వు రాలేదు.

పోయినాయన లెక్కల మాస్టారు. ఆరడుగుల పైన మూడంగుళాలు. సైకిల్ క్లబ్బులో అందరూ నిచ్చెన మాస్టారనేవారు. క్లబ్బు వాట్సాప్ గ్రూపులో అప్పటికే కథలు మొదలయ్యాయి. మంచులో, ఆ మలుపు దగ్గర, వెనక నుంచి బెల్ వినబడిందని ఒకరు. పొడుగాటి మనిషి పక్కనే కాసేపు తొక్కి మాయమయ్యాడని ఇంకొకరు.

మాస్టారింట్లో కుర్చీ మీద మడత విప్పని చొక్కా, తువ్వాలు ఉన్నాయి.

"తడిసి వస్తారని స్టేడియానికి పట్టుకెళ్లానండీ," అంది ఆయన భార్య. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "ఆయన వచ్చారు. మైకులో చెప్పారు. నాలుగు వందల పన్నెండు, మాస్టారుగారు, శభాష్ అని. నేను చప్పట్లు కూడా కొట్టాను."

"కళ్లారా చూశారా అమ్మా?"

"వాన. అందరూ నల్ల రెయిన్‌కోట్లలో ఉన్నారు. పాతికమంది ఒకేసారి దూసుకొచ్చారు. నేను కంచె అవతల. చూడలేదు. కానీ ఒళ్లు జలదరించింది." ఆమె తలెత్తింది. "ప్రాణం అక్కడ కొట్టుకుంటున్నా నా కోసం వచ్చారు. అంతే కదా సార్?"

ఇన్‌స్పెక్టర్ గోడ వైపు చూపు తిప్పాడు. ఆమెకి మిగిలింది ఆ ఒక్క నమ్మకమే. దాన్ని తియ్యాలో వద్దో ఆయనకే తెలియలేదు.

గోడకి ఆనుకుని ఆమె తమ్ముడు నిలబడ్డాడు. పొట్టి మనిషి. నెంబరు 413. బావతో కలిసే రైడ్ మొదలుపెట్టాడు.

"మీ బావని చివరిసారి ఎక్కడ చూశారు?"

"కొండ పైన. పన్నెండు దాటాక. నేను ముందు దిగాను."

"ఆయన స్టేడియంలో కనబడలేదు. కంగారు పడలేదా?"

"వచ్చేశాడని మైకులో చెప్పారు కదండీ."

"సాయంత్రం దాకా వెతికాం," అంది అక్క. "వీడే ధైర్యం చెప్పాడు. వెనకబడ్డవాళ్లని తీసుకురావడానికి బావ మళ్లీ వెళ్లుంటాడే అని. ఆయనకది అలవాటే. రాత్రికి వాళ్లతోనే ఉండిపోయుంటాడన్నాడు."

స్టేషన్ వెనక గదిలో సైకిల్ ఉంది. వెనక బ్రేక్ కేబుల్ తెగింది. హెడ్ కానిస్టేబుల్ కూడా పొడుగరే. సరదాకి సీటెక్కాడు.

"మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి సార్. మాస్టారు సైకిల్ తొక్కేవాడా, సర్కస్ చేసేవాడా?"

"దిగవయ్యా. అది ఎవిడెన్స్."

హెడ్డు నవ్వుతూ దిగాడు. ఇన్‌స్పెక్టర్ మాత్రం సీటు కేసే చూస్తూ ఉండిపోయాడు.

ఆ మధ్యాహ్నం మూడింటికి క్లబ్బు షెడ్డులో నలుగుర్ని కూర్చోబెట్టాడు. క్లబ్ కెప్టెన్, మెకానిక్, మాస్టారి భార్య, ఆమె తమ్ముడు. గోడ వెంట ఎర్ర సైకిళ్లు వరసగా ఉన్నాయి. అన్నీ ఒకే కంపెనీవి, ఒకే సైజు. లోయలో దొరికిన సైకిల్ని హెడ్డు మధ్యలో నిలబెట్టాడు.

"ఈ సైకిళ్లలో ఎవరిది ఏదో ఎలా గుర్తుపడతారు?" మెకానిక్‌ని అడిగాడు ఇన్‌స్పెక్టర్.

"సీటు చూసి సార్. ఎవరి కాలికి తగ్గట్టు వాళ్ల ఎత్తు. చెప్పు సైజు లాంటిదే. రెండు వేళ్లు తేడా వచ్చినా సాయంత్రానికి మోకాళ్లు పోతాయి."

"మాస్టారి సీటు?"

"అబ్బో, జెండా కర్రలా ఉండేది."

"మరి ఇది?"

మెకానిక్ వంగి చూశాడు. అరచెయ్యి పెట్టి కొలిచాడు. సీటు జానెడు కిందికి ఉంది.

"నూట అరవై కిలోమీటర్లు ఈ సీటు మీద తొక్కుంటే ఆ కొండ ఎక్కేవాడే కాదు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "అందరం కేబుల్ చూశాం. సీటు చూడలేదు. కెప్టెన్‌గారూ, మీ చిప్ ఎక్కడుంటుంది?"

"సీటు కింద అతికిస్తామండీ. లైన్ దాటగానే మెషిన్ పట్టుకుంటుంది. స్క్రీన్ మీద పడ్డ పేరు మైకులో చదువుతారు."

"సాయంత్రం ఎవరి లెక్క తేలలేదు?"

"413 ఒక్కటే. నాలుగున్నరకి ఫోన్ చేస్తే తమ్ముడే ఎత్తాడు. 'ఇక్కడే ఉన్నానన్నా, చిప్ పనిచెయ్యలేదు' అన్నాడు. మనిషే ఫోన్‌లో మాట్లాడుతున్నాడు కదా అని చేత్తో టిక్కు పెట్టాం. అందరి లెక్కా సరిపోయింది. వెతికే వ్యాన్‌ని వెనక్కి పిలిచేశాం."

"ఆ చిప్ పనిచేస్తుందో లేదో చూద్దామా?"

కెప్టెన్ చేతి మెషిన్‌ని లోయలో దొరికిన సైకిల్ సీటు కింద పెట్టాడు. అది కీచుమంది. స్క్రీన్ మీద అంకె వెలిగింది.

413.

అందరి చూపూ తమ్ముడి మీదికి మళ్లింది.

"కొండ మీద సైకిళ్లు మార్చుకున్నారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఔనా?"

తమ్ముడు నేల మీద కూలబడ్డాడు.

"నా బ్రేక్ తెగింది. సైకిల్ మారిస్తే ఇద్దర్నీ తీసేస్తారు. అది రూలు. ఇది మూడో ఏడు అక్కా నేను పూర్తి చెయ్యలేకపోవడం. బావే అన్నాడు. 'నాది తీసుకెళ్లరా బుడ్డోడా. నాకెందుకు మెడల్, మీ అక్క దుమ్ము దులపడానికా?' అన్నాడు. పానాతో సీటు కూడా ఆయనే దించి ఇచ్చాడు. నాది నడిపించుకుంటూ కింద క్యాంపు దాకా వస్తానన్నాడు. వానలో ఎందుకు ఎక్కాడో తెలియదు."

"మైకులో 412 అన్నప్పుడు?"

"అప్పుడు గుర్తొచ్చింది, చిప్ సీటు కింద ఉందని. ఆ హడావిడిలో ఇద్దరం మరిచిపోయాం. పావుగంటలో బావ నవ్వుకుంటూ వస్తాడు, అప్పుడు చెబుదామనుకున్నాను. రాలేదు. చివరికి లెక్క కోసం ఫోన్ వచ్చింది."

"నిజం చెప్పుంటే?"

"వ్యాన్ వెనక్కి వచ్చేది కాదు," అన్నాడు వాడు.

"వెతకడానికి కూడా వెళ్లలేదా?"

"వెళ్లాను. ఐదింటికి, మోటార్ సైకిల్ మీద. ఆ మలుపు రెండుసార్లు దాటాను. మెల్లగా పోనిచ్చాను."

"పిలిచావా?"

వాడు తల అడ్డంగా ఊపాడు. "వెనక క్లబ్బు వాళ్లు క్యాంపు సర్దుకుని వస్తూనే ఉన్నారు. పిలిస్తే వాళ్లు ఆగి అడుగుతారని..."

ఐదింటికి మాస్టారు బతికే ఉన్నాడు.

మాస్టారి భార్య ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "అయితే ఆయన రాలేదా సార్?"

"రాలేదమ్మా."

ఆమె తలాడించింది. "వీణ్ణి తీసుకెళ్లాలా?"

"కేసు రాయాలి. హత్య కాదు. కానీ రాయాలి."

"రాయండి. ముందు నన్ను ఆ మలుపు దగ్గరికి తీసుకెళ్లండి. వాణ్ణి కూడా."

రూల్స్‌లో లేదు. ఇన్‌స్పెక్టర్ జీపు తెప్పించాడు.

కొండ పైన, సైకిళ్లు మార్చుకున్న చోట ఆమె దిగింది. చెప్పులు జీపులోనే వదిలేసి రోడ్డు వెంట నడిచింది. తమ్ముడు నాలుగడుగులు వెనక. ఆ వెనక ఇంజన్ ఆపేసి జీపు నెమ్మదిగా జారుతోంది. మంచు రోడ్డు మీదికి దిగుతోంది. పక్షి కూత కూడా లేదు.

మలుపు దగ్గర ఆమె ఆగింది. కింద తుప్పలు విరిగి ఉన్నాయి.

"పిలువు," అంది.

"అక్కా..."

"నిన్న పిలవలేదుగా. ఇప్పుడు పిలువు. నువ్వు వెతుక్కుంటూ వచ్చావని ఆయనకి తెలియాలి."

వాడు నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఆమె వాడి వైపు చూడకుండా లోయలోకే చూస్తూ నిలబడింది.

నాలుగోసారికి గొంతు పెగిలింది.

"బావా!"

ఇన్‌స్పెక్టర్ జీపు దిగి టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. ముగ్గురూ ఏదో జవాబు వస్తుందన్నట్టు చెవులు రిక్కించి నిలబడ్డారు.

"ఇంకా గట్టిగా," అంది ఆమె.