పక్కకి తిప్పమ్మా

మాది పరుపులు కుట్టే ఇల్లు. ముందు షాపు, దాని పక్కన ఒకే తలుపున్న దూది గది, వెనక గదిలో సంసారం. పిల్లల నాన్న పోయినప్పటి నుంచి కత్తెరా దబ్బనమూ నా చేతిలోనే ఉన్నాయి. దూది కొట్టేది కొడుకు పెద్దోడు, గలేబులు కుట్టేది కూతురు చిన్నది. పరుపు మూతి మాత్రం నేనే కుడతాను. నా కుట్టు వేరు. రెండు పోట్లు దగ్గరగా, ఒకటి దూరంగా.

"అక్కా, నీ పరుపు మీద పడుకుంటే మళ్ళీ లేవబుద్ధి కాదు" అనేవాళ్ళు కొన్నవాళ్ళు. నేనూ వాళ్ళతోపాటు నవ్వేదాన్ని.

పరుపు కట్టి ఇచ్చేటప్పుడు అందరికీ ఒకటే చెప్పేదాన్ని. వెల్లకిలా పడుకోండి, తల కింద మందపాటి దిండు పెట్టుకోండి, నడుం నిలబడుతుంది అని. ఇరవై ఏళ్ళుగా చెప్పి చెప్పి ఆ మాట చేతుల్లోకి దిగిపోయింది. పిల్లలు పక్కకు ఒరిగి నిద్రపోతుంటే, నాకు తెలియకుండానే వెల్లకిలా తిప్పేసి, గడ్డం దాకా దుప్పటి కప్పి, రెండు పక్కలా అంచులు దోపేదాన్ని.

ఆ రోజు పొద్దున పదిన్నర. మంచి ఎండ. బక్కోడు స్కూటర్ మీద పెద్దోణ్ణి తీసుకొచ్చి గడప దగ్గర దింపాడు. బక్కోడు వాడికి చిన్నప్పటి స్నేహితుడు. ముందు రోజు సాయంత్రం ఇద్దరూ కలిసి ఎవరిదో పెళ్ళి పార్టీకి వెళ్ళారు.

"కాస్త ఎక్కువైంది పిన్నీ. మొహం మీద నీళ్ళు కొట్టు, గుర్రంలా లేస్తాడు."

"మందేనా? ఇంకేమైనా వేశారా?"

"మందే పిన్నీ. ఒట్టు."

బండి ఇంజను ఆపలేదు వాడు. నా మొహం చూడలేదు. వెళ్ళిపోయాడు.

పెద్దోడు తాగడం నాకు కొత్త కాదు. తాగితే ఏడుస్తాడు. నా కాళ్ళ దగ్గర కూర్చుని "అమ్మా, నేను పనికిమాలినోణ్ణి" అంటాడు. అన్నం తినిపిస్తే తిని పడుకుంటాడు. చెయ్యెత్తినవాడు కాదు.

ఆ రోజు ఏడవలేదు. దూది గదిలో బల్ల మీద కూర్చుని గోడ వంక చూస్తున్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. వాటి వెనక వాడు లేడు.

చిన్నది వాడి చొక్కా విప్పబోయింది. జేబులోంచి మాత్రల అట్ట జారి పడింది. పేరు ఉన్న చోట గోటితో గీకేసి ఉంది. పది గుంటల్లో ఏడు ఖాళీ.

"ఏంట్రా అన్నయ్యా ఇవి? మందులో వేసుకున్నావా?"

వాడు మెల్లగా తల తిప్పాడు. నవ్వాడు. లేచాడు.

దూది కొట్టే కర్ర మూలకు ఆనించి ఉంది. మనిషి భుజమెత్తు ఉంటుంది. దాన్ని అందుకుని మొదటి దెబ్బ పరుపు మీద వేశాడు. బట్ట చీలి దూది పైకి లేచింది. రెండోది నా భుజం మీద. మూడోది ఎక్కడ తగిలిందో తెలియదు. నోట్లో ఉప్పగా అయింది. గదంతా తెల్లగా దూది ఎగురుతోంది. అందులోంచి చిన్నది అరవడం వినిపించింది.

వాడు దాని జుట్టు పట్టి తలుపు దాకా ఈడ్చాడు. అది పడిపోకుండా తలుపు సందులో చెయ్యి పెట్టింది. వాడు తలుపు మూశాడు.

మళ్ళీ తెరిచాడు.

మళ్ళీ మూశాడు.

ఆ చప్పుడు నేను రాయను.

నా చేతిలో దబ్బనం ఉంది. జానెడు పొడవు, దారం ఎక్కించి ఉంది. వాడి తొడలో గుచ్చాను. నా కొడుకు తొడలో. సగం దాకా దిగింది. వాడు చెల్లెల్ని వదిలి, వంగి దాన్ని చూసుకున్నాడు. వేలితో ఒకసారి తట్టాడు. అది ఊగింది.

"నొప్పి లేదే అమ్మా" అన్నాడు, ఆశ్చర్యంగా.

వాడు నాతో మాట్లాడిన ఆఖరి మాట అదే. ఆఖరిదని అప్పుడు అనుకోలేదు.

తీగ తెగినట్టు పడ్డాడు. దూది గది గుమ్మానికి లోపలగా, సగం కుట్టిన పరుపు మీద. ఎడమ పక్కకు ఒరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడ్డాడు. నోట్లోంచి కొంచెం కక్కు కారింది.

నేను మూతి తుడిచాను. వెల్లకిలా తిప్పాను. తల కింద మందపాటి దిండు పెట్టాను. గడ్డం దాకా దుప్పటి కప్పి అంచులు దోపాను. దబ్బనం గుర్తు రాలేదు. కర్ర తీసుకుని బయటికొచ్చి తలుపు మూసి గడియ పెట్టాను. ఆ గదికి కిటికీ లేదు. పైన జానెడు వెంటిలేటర్, అంతే.

చిన్నది కుడి చెయ్యి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు ఉండాల్సిన వైపు లేవు. ఎడం చేత్తో ఫోన్ తీసింది.

"అమ్మా, అంబులెన్స్ పిలుద్దాం."

"వద్దు."

"వాడు ఏదో వేసుకున్నాడమ్మా. మందు మీద..."

"వాళ్ళొస్తే నీ చెయ్యి చూస్తారు. నా మొహం చూస్తారు. వాడి తొడ చూస్తారు. పోలీసుల్ని పిలుస్తారు. వాణ్ణి తీసుకుపోతే? పడుకుంటే దిగిపోతుంది. సాయంత్రం నర్సమ్మ డ్యూటీ నుంచి వచ్చాక నీ చెయ్యి చూపిద్దాం."

నర్సమ్మ అంటే పక్కింటావిడ, ఆసుపత్రిలో నర్సు. ఫోన్ చేస్తే ఎత్తేది. నేను చేయనివ్వలేదు.

లోపల గురక మొదలైంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. "విన్నావా? గురక పెడుతున్నాడు. ఇంకేం లేదు."

"తేడాగా ఉందమ్మా."

తేడాగానే ఉంది. ఇరుకు మూతి కుండలో నీళ్ళు మరిగినట్టు బుడబుడమని. ఒక గురకకీ ఇంకో గురకకీ మధ్య నేను మూడు కుట్లు వేశాను. తర్వాత అయిదు. తర్వాత తొమ్మిది. అవును, కూర్చుని కుట్టాను. వేరే దబ్బనంతో. చేతులు ఊరికే ఉండలేకపోయాయి.

పన్నెండున్నరకి గురక ఆగింది.

"హమ్మయ్య, గాఢంగా పట్టింది" అన్నాను.

చిన్నది నా వంక చూసింది.

మూడింటికి తలుపు మోగింది.

ఒక్కసారి. కింద, నేలకు దగ్గరగా.

చిన్నది లేచి నిలబడింది. నేను కర్ర గట్టిగా పట్టుకున్నాను. మళ్ళీ మోగింది. ఈసారి గడియ అదిరింది. తర్వాత ఇక ఆపలేదు. కర్రతో కొట్టినట్టే... పెద్ద కర్రతో, రెండు చేతులా ఎత్తి కొట్టినట్టు. చెక్క పేళ్ళు లేచి మా వైపు పడ్డాయి. తలుపు కింది సందులోంచి దూది బయటికి వస్తోంది. గాలి లేదు. అయినా వస్తోంది.

తలుపు మా వైపే తెరుచుకుంటుంది. దూది బస్తాలు ఈడ్చుకొచ్చి అడ్డం పెట్టాను. చిన్నది ఒంటిచేత్తో తోసింది. ఇద్దరం బస్తాలకి వీపులు ఆనించి, కాళ్ళు తన్నిపెట్టి కూర్చున్నాం. దెబ్బ పడినప్పుడల్లా వెన్నెముక మీద పడ్డట్టుంది. చిన్నది చెయ్యి కదిలి కేక పెట్టింది. నేను దాని నోరు మూశాను.

చప్పుడు ఆగింది.

అప్పుడు వినిపించింది. తలుపు అవతల, నేల మీంచి. గుసగుసగా.

"అమ్మా..."

నేను బస్తాకి ఇంకా గట్టిగా ఆనుకున్నాను.

"పక్కకి తిప్పమ్మా..."

చిన్నది నా కొంగు లాగింది. "అమ్మా, తీద్దాం. అడుగుతున్నాడు కదా."

"తీస్తే చంపుతాడు."

"పక్కకి... తిప్పు..."

"నోర్మూసుకుని పడుకోరా!" అని అరిచాను.

నా గొంతే నాకు కొత్తగా వినిపించింది. అవతల ఇంకేం మాట లేదు. కాసేపటికి గురక మొదలైంది. ఈసారి మెత్తగా, చిన్నప్పుడు జ్వరం తగ్గాక నిద్రపోయినట్టు. నేను బస్తాకి తల ఆనించి కళ్ళు మూసుకున్నాను. ఎంత హాయిగా అనిపించిందో.

ఆరింటికి నర్సమ్మ వచ్చింది. గుమ్మంలోనే ఆగి చిన్నదాని చెయ్యి చూసింది, నా మొహం చూసింది, బస్తాలు చూసింది.

"లోపల ఎవరక్కా?"

"పెద్దోడు. పడుకున్నాడు. విను, గురక."

ఆమె విన్నది. "నాకేం వినపడట్లేదే" అంది.

నాకు వినిపిస్తూనే ఉంది. చిన్నదానికీ వినిపిస్తోంది. నర్సమ్మ బస్తాలు లాగి గడియ తీసేదాకా వినిపించింది.

తలుపు తెరిచాక వినిపించలేదు.

వాడు వెల్లకిలా ఉన్నాడు. దిండు మీద తల. గడ్డం దాకా దుప్పటి, రెండు పక్కలా దోపిన అంచులు. నేను ఎలా దోపానో అలాగే. ఒక్క ముడత చెదరలేదు. నోరు తెరుచుకుని ఉంది. నోటి నిండా కక్కు. పెదాలు నల్లబడ్డాయి.

నర్సమ్మ దవడ పట్టి చూసింది. మోచెయ్యి వంచబోయింది. వంగలేదు.

"బిగుసుకుపోయాడక్కా. మధ్యాహ్నానికే పోయాడు."

"మూడింటికి తలుపు కొట్టాడు."

ఆమె నా వంక జాలిగా చూసింది. అప్పుడు చిన్నది తలుపు లోపలి వైపు చూపించింది. నేల నుంచి జానెడు ఎత్తులో చెక్కంతా నుగ్గునుగ్గు. పడుకున్న మనిషి తల ఎత్తు. దాని పైన ఒక్క గీత లేదు. వాడి చేతులు చూశాం. గోరు కూడా విరగలేదు. కర్ర పొద్దుటి నుంచి నా దగ్గరే ఉంది.

"ఏం వేసుకున్నాడు?" అంది నర్సమ్మ.

అట్ట ఇచ్చాను. ఆమె మిగిలిన మాత్రల్ని వెలుతురులో తిప్పి చూసింది.

"మందు మీద ఇలాంటివి పడితే మనిషి ఊపిరి తీసుకోవడం మర్చిపోతాడక్కా. అది గురక కాదు. గాలి కోసం కొట్టుకోవడం. పక్కకి పడుకోబెట్టి పిలిస్తే... వెల్లకిలా ఎవరు తిప్పారు?"

చిన్నది నా చేతుల వంక చూసింది.

దబ్బనం వాడి తొడలో లేదు. గుచ్చిన చోట చిన్న రంధ్రం మాత్రం ఉంది. దుప్పటి దులిపాం, పరుపు విప్పాం, దూదంతా వేళ్ళతో వెతికాం. ఎక్కడా దొరకలేదు. పోలీసులు కూడా వెతికారు.

నెలన్నర అయింది. బక్కోడు ఒకసారి వచ్చి గడప అవతలే నిలబడి ఏడ్చాడు. "బీరులో వేసుకుంటే బాగుంటుందన్నాడు పిన్నీ. నేను రెండే వేసుకున్నా." వాణ్ణి కొట్టడానికి చెయ్యెత్తబోయాను. భుజం లేవలేదు.

దూది గది ఖాళీ చేయించాను. షాపు మూసేశాను. దిండ్లన్నీ విప్పేశాను. మా ఇంట్లో ఇప్పుడు దిండు లేదు. నేనూ చిన్నదీ వెనక గదిలో చాప మీద పడుకుంటాం, లోపల గొళ్ళెం పెట్టుకుని. దాని కుడి చేతికి ఇంకా కట్టు ఉంది, ఎడమ పక్కకే పడుకుంటుంది. వెల్లకిలా దొర్లకుండా వీపు వెనక దుప్పటి చుట్టి పెడతాను. నేను దానివైపు తిరిగి, నడుం మీద చెయ్యి వేసి పడుకుంటాను. నాకు మిగిలింది అదొక్కతే.

నిన్న తెల్లవారుజామున మెలకువ వచ్చింది. గురకకి.

ఇరుకు మూతి కుండలో నీళ్ళు.

చిన్నది వెల్లకిలా ఉంది. గడ్డం దాకా దుప్పటి. రెండు పక్కలా అంచులు దోపి ఉన్నాయి. పెదాల చుట్టూ నీలం.

దుప్పటి లాగి పారేసి పక్కకి తిప్పాను. వీపు మీద చరిచాను. మళ్ళీ చరిచాను. దగ్గింది. నోట్లోంచి తడి దూది ఉండ ఒకటి పడింది. గాలి పీల్చుకుంది. కట్టు చెయ్యి నా మెడకి వేసి అతుక్కుపోయింది.

"ఎందుకు తిప్పావమ్మా?" అంది గుసగుసగా.

"ఊపిరి ఆడట్లేదే నీకు."

"ఇప్పుడు కాదు. రాత్రి. వెల్లకిలా ఎందుకు తిప్పావు?"

"నేను తిప్పలేదు."

"నీ చేతులే అమ్మా. దుప్పటి దోపడం నాకు తెలీదా?" నా వేళ్ళు తడిమింది. "చల్లగా ఉన్నాయి, అంతే."

దాన్ని లేపుకుని తలుపు దగ్గరికి వెళ్ళాను. గొళ్ళెం తీసి ఉంది. తోశాను. తెరుచుకోలేదు. బయట గడియ పెట్టి ఉంది.

కిటికీలోంచి అరిస్తే నర్సమ్మ లేచి వచ్చింది. ఆమె దగ్గర మా ఇంటి తాళంచెవి ఒకటి ఉంటుంది. వీధి తలుపు తాళం వేసినట్టే ఉందట. లోపలికి వచ్చి గడియ తీసింది. నా వెనక, చాప వంక చూస్తోంది.

నేనూ తిరిగి చూశాను.

చిన్నదాని తల ఉన్న చోట, ఇందాక కంగారులో నేను చూడని దిండు. మందపాటిది, కొత్తది. మూతి సగం దాకా కుట్టి ఉంది. రెండు పోట్లు దగ్గరగా, ఒకటి దూరంగా. కుట్టు ఆగిన చోట జానెడు దబ్బనం వేలాడుతోంది. సగం దాకా నల్లగా తుప్పు పట్టి ఉంది.

దాని పక్కన, నేను పడుకున్న చోట, ఇంకో దిండుకి సరిపడా గలేబు కత్తిరించి పెట్టి ఉంది. దబ్బనంలో దారం ఇంకా చాలా మిగిలి ఉంది.